నలభై మందికి నాలుగు వందలు

భవిష్యత్తుకు సంబంధించిన పనులన్నీ మా ప్రాంతంలో పూర్తయ్యాయి. మిగిలింది వర్తమానం ఒక్కటే. దానికింకా మంజూరు రాలేదు.

శంషాబాద్‌లో భావి గిరాకీ అంచనా విభాగమని ఒక ఆఫీసు ఉంది. 2047లో మనకెన్ని నీళ్ల ట్యాంకులు, ఎన్ని ఆసుపత్రి మంచాలు, ఎన్ని కాలేజీ సీట్లు, ఎన్ని సమాధులు కావాలో అక్కడివారు నిలుచున్నపళంగా చెప్పగలరు. (ఈ నెలకెన్ని అని అడిగితే పై అంతస్తుకు వెళ్లమంటారు. పై అంతస్తు ఇంకా కట్టలేదు.)

నాది తెనాలి వైపు. మంఖాల్ దాటి లోపలికొస్తే తగిలే ఊళ్లో పదకొండేళ్లుగా కిరాణా కొట్టు నడుపుతున్నాను. తక్కెడ పట్టుకున్న ప్రతివాణ్ణీ ఇక్కడ సేటు అంటారు కాబట్టి నేనూ సేటునే. కొట్టు ఎదురిల్లు సత్తెమ్మది. ఆమె కూతురు శిరీష శంషాబాద్‌లో డిగ్రీ చివరి ఏడాది చదువుతోంది. మా తలల మీద నుంచి నిమిషానికో విమానం పోతుంది గానీ, పొద్దున ఊరి నుంచి బస్సు లేదు. షేర్ ఆటో పదిమంది నిండితే తప్ప కదలదు. అది నిండేసరికి కాలేజీలో రెండు పీరియడ్లు అయిపోతాయి. పరీక్ష రాయాలంటే హాజరు డెబ్బై అయిదు శాతం ఉండాలి. శిరీషది అరవై ఆరు. దసరా సెలవులయ్యేసరికి బస్సు పడితే డెబ్బై అయిదుకు చేరుతుందని కొట్లో కాగితం మీద నేనే లెక్క కట్టిచ్చాను. వారం ఆలస్యమైతే చేరదు.

దరఖాస్తు పెట్టాం. గిరాకీ ఉందో లేదో చూడటానికి సంయుక్త అంచనాధికారి ఉదయభాస్కర్ గారు స్వయంగా వచ్చారు. బస్టాపులో ఏడు నుంచి ఎనిమిది దాకా నిలబడ్డారు. ఎవరూ రాలేదు. ట్యాబ్‌లో సున్నా వేసుకున్నారు.

సత్తెమ్మ చీపురు పక్కన పెట్టి వచ్చింది. "బస్సే రాదాయె, ఆడ ఎవలు నిలవడ్తరు సారూ? మాకేమన్న పిచ్చా?"

"ఎవరూ నిలబడని చోటికి బస్సు ఎలా వేస్తామమ్మా?" అన్నారాయన, ఎంతో మర్యాదగా. మర్యాదకు లోటు లేదు. పోతూ పోతూ, వచ్చే మంగళవారం ఇంకోసారి లెక్కిస్తామన్నారు.

ఇక్కడ నా వ్యాపార జ్ఞానం అడ్డుపడింది. మా లైనులో నూనె డబ్బాలు పది కావాలంటే ఇండెంటులో ఇరవై రాస్తాం. కంపెనీవాడు సగం కోస్తాడు. దీన్ని అబద్ధమని ఎవరూ అనరు, పద్ధతంటారు. పది అని నిజం రాసినవాడికి అయిదొస్తాయి, అందులో ఒకటి కారుతుంటుంది. కంపెనీవాడే సగం కోస్తే ప్రభుత్వం పదోవంతే ఇస్తుందని నా అనుభవం. మా ఊళ్లో నిజంగా బస్సెక్కేవాళ్లు నలభై మంది. కాబట్టి నాలుగు వందల మంది కావాలి.

మంగళవారం ఉదయానికి కూడగట్టాను. ఊరంతా వచ్చింది. వెంచర్లో రాళ్లు పాతే కూలీలు వచ్చారు. పహాడీ షరీఫ్ దర్గాకు మొక్కు తీర్చుకోను పోతూ చాయ్‌కి ఆగిన రెండు వ్యాన్ల జనం, ఏదో పంచుతున్నారనుకుని తామే వచ్చి వరసలో నిలబడ్డారు. కుర్మయ్య తన రెండు బర్రెలతో సహా నిలబడ్డాడు. (అధికారి బర్రెలను లెక్కించలేదని నివేదికలో స్పష్టం చేశారు. మొత్తం నాలుగు వందలని కూడా అందులోనే ఉంది. నా లెక్కలో వాటిని కలిపితేనే నాలుగు వందలు.)

నాకు తెలియనిదేమిటంటే, విభాగం ఆ నెలే కొత్త సాఫ్ట్‌వేర్ తెచ్చుకుంది. దానికి కోయడం రాదు. హెచ్చవేయడమే వచ్చు. మొదటి లెక్క సున్నా అయితే అది మొరాయిస్తుందని, సున్నాను ఒకటిగా సవరించారు. వారంలో ఒకటి నాలుగు వందలైంది. ఆ లెక్కన 2047 నాటికి మా బస్టాపులో నిలబడే జనం రాష్ట్ర జనాభాను దాటిపోతుంది. మిగతావాళ్లు ఎక్కణ్ణుంచి వస్తారని నేనడిగితే, విమానాశ్రయం పక్కనే ఉంది కదండీ అన్నారు ఉదయభాస్కర్ గారు.

ఇంత గిరాకీకి ఒక బస్సు వేయడం అవమానమని తీర్మానించారు. 2047 కల్లా పూర్తయ్యే నలభై ప్లాట్‌ఫాంల మహా రవాణా కేంద్రాన్ని సిఫారసు చేశారు. పెద్ద సౌకర్యం ప్రతిపాదనలో ఉన్నచోట చిన్న సౌకర్యం వృథా ఖర్చు కింద నిషిద్ధమని నియమం. అంటే 2047 దాకా బస్సు లేదు.

మర్నాడే ఆఫీసుకు పోయి, సార్, ఎక్కువ రాయించాను, ఉన్నది నలభై మందే అని ఒప్పుకున్నాను. పదకొండేళ్ల వ్యాపారంలో నేను ఇండెంటు తగ్గించమని అడగడం అదే మొదలు. గిరాకీ తగ్గిందని రుజువు కావాలన్నారు. మూడోసారి లెక్కకు వచ్చారు. బస్టాపులో ఎవరూ లేరు. మహా కేంద్రం ఆలస్యంపై ప్రజలు తీవ్ర అసంతృప్తితో ఉన్నట్టు రాసుకుని, ప్లాట్‌ఫాంలను నలభై ఎనిమిది చేశారు.

అప్పటికి దసరా సెలవులైపోయి మూడు వారాలు. శిరీష సబ్బు కోసం కొట్టుకొచ్చింది. హాజరు జాబితా అంటించారట. అరవై ఎనిమిది.

"నలభై మందిమనే చెప్తే ఏమయ్యేదుండె సేటూ?" అంది.

నలుగురనే రాసుకునేవారన్నాను.

"నలుగురికి ఆటోనన్న ఇస్తుండె గద," అంది. సబ్బు తీసుకుని వెళ్లిపోయింది. ఆ లెక్క నాకు తట్టలేదు.

అంచనా విభాగంలో అన్ని రంగాల వాళ్లూ అంకెలు పంచుకుంటారు. బస్సుల వాళ్ల నివేదిక చూసి, చదువుల వాళ్లు తమ నివేదికలో ఒక పంక్తి చేర్చారు. రవాణా లేనందున మా దారి నుంచి ఈసారి చివరి ఏడాది పరీక్ష రాసే ఆడపిల్లల సంఖ్య సున్నా ఉంటుందని అంచనా.

ఆ విభాగం పెట్టిన తర్వాత అక్షరాలా నిజమైన అంచనా అదొక్కటే. దానికి వాళ్లకు అవార్డు వచ్చింది.