యాభై రెండు వారాల దగ్గు

జింకల ఊపిరితిత్తుల్లో కాపురముండే పురుగుల విషయంలో ఆయనంతటి నిపుణుడు లేడని పరిశోధనాలయం అధికారికంగా ప్రకటించింది. ఆ పని చేసేది ఆయనొక్కడే కాబట్టి ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.

ఆ పురుగు బతుకు ఆయనకు కంఠతా వచ్చు. ఊపిరితిత్తుల్లో పుట్టిన పిల్లపురుగు దగ్గుతో గొంతులోకి వస్తుంది. జింక గుటకేస్తే కడుపులోకి జారి, పెంటికలతో బయటపడి, నత్తలో దూరి ఎదుగుతుంది. గడ్డితోపాటు ఆ నత్తనూ జింక నమిలేస్తే, మళ్లీ ఊపిరితిత్తులకే చేరుతుంది. ఇంత తిరిగీ బయలుదేరిన చోటికే! రోజూ ఇంటికీ ఆఫీసుకూ మధ్య తిరిగే ఆయనకు దానిమీద ఒకరకం బంధుప్రీతి.

కిటికీ అవతల దొడ్లో ఒక జబ్బు జింక ఉంది. మందు వేయకుండా దాన్ని ఏడాదిపాటు గమనించడమే ప్రయోగం. ప్రతి సోమవారం పెంటికల్ని పలచటి గుడ్డలో మూటగట్టి నీళ్ల గరాటులో వేలాడదీసేవాడు. అడుక్కి దిగిన పురుగుల్ని స్లైడ్లమీదికెక్కించి మైక్రోస్కోపులో లెక్కపెట్టేవాడు. తలెత్తకుండానే, చెవినపడ్డ దగ్గుల్నీ రాసుకునేవాడు. అంకెలు అచ్చం ఆయన ఊహించినట్టే పెరిగాయి. ప్రకృతి క్రమశిక్షణకు ఆయన కళ్లు చెమర్చేవి.

ఏడాదిగా నిద్రపోతున్న అంతరాత్మ యాభై ఒకటో వారంలో, ప్రయోగానికి పెద్ద నష్టం లేని సమయం చూసుకుని, లేచి కూర్చుంది. జింకను బతికిద్దామని బీరువా తెరిచాడు. మందు సీసా ఖాళీ.

"పదో వారమే తాగించేశా సార్," అంది జింకల్ని చూసుకునే ఆవిడ. "మిమ్మల్నడిగితే 'ఇంకో వారం ఆగమ్మా' అంటారుగా! అప్పట్నుంచీ అది గెంతులేస్తోంది. మీరు చూళ్లేదా?"

"మరి నేను లెక్కపెట్టినవి?"

"ఏమో సార్. నాకు చదువు లేదుగా, నాకేం కనపడతాయి?"

"మరి ఆ దగ్గు?"

"అది మీదే సార్. 'ఆఫీసులో కూడా ఇలాగే దగ్గుతున్నారా' అని అమ్మగారు ఫోన్ చేసి అడిగారు కూడా."

ఆయన మైక్రోస్కోపులోకి, బహుశా చాలాకాలం తర్వాత, నిజంగా చూశాడు. గడ్డిపోగులు.

యాభై రెండో వారం, ఫలితాలు ప్రకటించడానికి పరిశోధనాలయం పెట్టిన సభలో లేచి నిజం చెప్పేశాడు. అధ్యక్షుడు చిరునవ్వు నవ్వాడు. "నిపుణులవారి వినయం శ్లాఘనీయం! కానీ ఆ స్లైడ్లను మేం ఏడుగురం పరీక్షించాం. ఏడుగురికీ పురుగులు కనిపించాయి. ఇప్పుడు లేవంటే మా కళ్లను అవమానించినట్టు కాదా?"

చప్పట్లు మోగాయి. ఇంకోమాట దగ్గుతోపాటు ఆయన గొంతు దాకా వచ్చింది. గుటకేశాడు.

ప్రయోగానికి భంగం కలిగించినందుకు ఆవిడకు మెమో ఇచ్చారు. స్లైడ్లను బడులకు పంచారు. మన పిల్లలకు పురుగులు చక్కగా కనిపిస్తున్నాయట. కనిపించలేదన్న ఒకరిద్దర్ని తల్లిదండ్రులు కళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు.