మూడు రోజుల్లో గూడు సర్దుట

ఒక పెద్ద అడవిలో గూడు కట్టడం మగాడి పని, దానికి వంకలు పెట్టడం ఆడదాని హక్కు. అడవంతటా కాదు, గిజిగాళ్ళలో మాత్రమే. ఈ సంగతి తమ ఇళ్ళల్లో ఆడవాళ్ళ చెవిన పడకుండా మిగతా జంతువులు ఎంతో జాగ్రత్తగా ఉండేవి.

మగ గిజిగాడు తుమ్మకొమ్మకి సగం గూడు అల్లి, దాన్ని పట్టుకుని తలకిందులుగా వేలాడుతూ రెక్కలు టపటపలాడిస్తాడు. ఆడపిట్ట వస్తుంది. లోపలికి దూరి ఒక పోచ లాగి చూస్తుంది. గోడని ముక్కుతో పొడిచి చూస్తుంది. నచ్చితే ఉండిపోతుంది, మిగతా సగం అతను పూర్తి చేస్తాడు. నచ్చకపోతే ఎగిరిపోతుంది, అతను ఇంకో కొమ్మ వెతుక్కుంటాడు. వీటిని గూడుచూపులు అంటారు.

ఈ చూపుల కోసం గూళ్ళు సర్దిపెట్టడం కుట్టుపిట్ట ముత్యాలు వృత్తి.

ముత్యాలు బొటనవేలంత పిట్ట. నోరు మాత్రం అడవంత. పనికి ఒప్పుకున్నాక మొదటి రోజు ఆమె ఏదీ ముట్టుకోదు. ఊరికే లోపల కూర్చుంటుంది. గాలి ఏ పక్కనుంచి కొడుతోంది, చినుకు ఎక్కడ జారుతోంది, అంతే చూస్తుంది. తర్వాత వదులు ముడులన్నీ విప్పి మళ్ళీ బిగిస్తుంది. పైకి కనిపించే సోకులన్నీ చివరి రోజున: లోపల కాస్త బూరుగు దూది, గోడకి తడిమట్టి, ఆ మట్టిలో ఒక మిణుగురు.

కొమ్మ పుచ్చిపోయి ఉంటే ముఖం మీదే చెప్పేది. "ఇది నేను సర్దను. వచ్చే పిల్ల ఇందులో గుడ్లు పెడుతుంది నాయనా. నేను సర్దేది కంటికి కాదు, గుడ్డుకి."

పన్నెండు వానాకాలాలుగా చేస్తున్నా దీన్ని ఎవరూ చదువు అనలేదు. "ముత్యాలుకి అలా అబ్బింది" అనేవారు. ఆడవాళ్ళకి పనులు అబ్బుతాయి. నేర్చుకునేది మగవాళ్ళే.

ఆ వేసవి చివర నేరేడుచెట్టు మీద ఒక ఉపన్యాసం జరిగింది. మాట్లాడింది కోకిల పంచమం గారు. నిగనిగలాడే నలుపు, ఎర్రటి కళ్ళు, వింటే ఎముకలు కరిగే గొంతు.

"సోదరీమణులారా! ఇంటిపట్టున ఉండి సంపాదించుకోవాలని మీకు లేదా? పిల్లల్ని చూసుకుంటూనే సొంత కాళ్ళ మీద నిలబడాలని లేదా? మూడే రోజుల్లో గూడుసర్దుడు శాస్త్రం! అఖిలారణ్య గృహశోభా సంస్థ వారి సర్టిఫికెట్టు! టేకాకు మీద, ముద్రతో సహా!"

ముత్యాలు ముందు కొమ్మ మీదికి దూకింది. "సార్, తమరెప్పుడైనా గూడు కట్టారా?"

"అమ్మా, వైద్యుడు కావడానికి జబ్బు పడాలా?" అన్నాడు పంచమం.

అందరూ పడీపడీ నవ్వారు. కోకిలలకి గూడు ఉండదని ఆ అడవిలో తెలియనివాళ్ళు లేరు. అయినా అంత మంచి గొంతున్నవాడు తెలియకుండా మాట్లాడతాడా అనుకున్నారు.

వారం తిరగకుండా మైనాలు, పిచ్చుకలు కలిసి నలభై మంది టేకాకులు పట్టుకుని తుమ్మచెట్ల చుట్టూ తిరగసాగారు. పాపం వాళ్ళ తప్పు కాదు. కట్టిన రుసుము రాబట్టుకోవాలి. ముత్యాలు పదిరోజుల పనికి ఇరవై గింజలు తీసుకుంటుంటే వీళ్ళు ఒక పూట పనికి నాలుగే అన్నారు. మర్నాడు ఇంకొకరు రెండే అన్నారు. మూడో రోజున ఒక మైనా ఊరికే చేసిపెడతానంది, పేరొస్తుందట.

ముత్యాలుకి పని ఉండేదే వానాకాలంలో. తొలకరి లోపు గూళ్ళు దొరక్కపోతే ఆ ఏడాది ఇక పస్తే.

చివరికి మిగిలిన ఒకే ఒక్క ఖాతాదారు, గిజిగాడు బంగార్రాజు, వచ్చి కొమ్మ గీకుతూ నిలబడ్డాడు.

"అక్కా, నీ పనితనం నాకు తెలీదా? కానీ వాళ్ళ దగ్గర సర్టిఫికెట్టు ఉంది కదా..."

"ఉంది. గూడు ఊడితే దాన్ని పట్టుకుని వేలాడు," అంది ముత్యాలు.

బంగార్రాజు గూటిని మైనాలు ఒక్క పూటలో సర్దేశాయి. ముడులు చూపుకి అడ్డంగా ఉన్నాయని కత్తిరించాయి. లోపల మందారాలు పరిచాయి. గూడుచూపులకి వచ్చిన పిల్ల "అబ్బ, ఎంత బావుందో!" అని లోపలికి దూరింది. గూడు, మందారాలు, పెళ్ళికూతురు కలిసి కింద రేగుపొదలో పడ్డాయి.

"గాలి ఎక్కువగా ఉందండీ," అన్నాడు బంగార్రాజు, పొదలోంచి తిట్లు వినపడుతుంటే.

ఇంత జరిగాక సంస్థ మూతపడుతుందని ముత్యాలు ఆశపడింది. ముత్యాలుకి గూళ్ళ గురించి తెలుసుగానీ లోకం గురించి తెలియదు.

పంచమం గారు తిన్నగా అడవి సభకి వెళ్ళాడు. "చూశారా అధ్యక్షా! ఈ రంగంలో ప్రమాణాలు లేకపోతే ఎంత ప్రమాదమో! సర్టిఫికెట్టు లేనివాళ్ళని వెంటనే నిషేధించాలి."

సభాధ్యక్షుడు ఎలుగుబంటి తేనెపట్టు నాకుతూ విన్నాడు. ఆ పట్టు తెచ్చింది పంచమం గారే. "పడిన గూడు సర్దింది సర్టిఫికెట్టు ఉన్నవాళ్ళే కదయ్యా?" అని అడిగాడు.

"అందుకే అధ్యక్షా, ఇంకో మూడు రోజుల కోర్సు పెడుతున్నాం. ఉన్నత శ్రేణి."

ఎలుగుబంటికి ఈ తర్కం నచ్చింది. టేకాకు లేనివాళ్ళు ఇకమీదట ఏ గూటినీ సర్దరాదని చెట్టుచెట్టుకీ చాటింపు వేయించాడు.

మర్నాడు పంచమం గారు తనే ముత్యాలు ఇంటికి వచ్చాడు. "మీలాంటి అనుభవజ్ఞులు మాకు కావాలమ్మా. తరగతిలో మీరు చేసి చూపించండి, నేను వివరిస్తాను."

"ఏమిస్తారు?"

"గుర్తింపు! గోడపత్రికలో మీ పేరు వేస్తాం."

"ఎక్కడ?"

"నా పేరు కింద. చోటు మిగిలితే."

ముత్యాలుకి ముక్కు దురద పెట్టింది, పొడవడానికి. కానీ ఇంట్లో గింజలు నిండుకున్నాయి. ఆ పాఠమేదో చూసొచ్చి అప్పుడు చెబుతానంది.

ఆ విడతలో చేరినవాళ్ళంతా కాకులు. ముందు వరసలో కాకి వరాలు, గుడ్ల మీదనుంచి మొగుణ్ణి లేవనివ్వకుండా కూర్చోబెట్టి మరీ వచ్చింది. పక్కన కూర్చున్న ముత్యాలుతో గుసగుసగా అంది: "నేనూ సంపాదిస్తే మా ఆయన నోరు మూస్తాడు వదినా. అయినా సారంటే నాకు మొదట్నుంచీ గౌరవం. మా రెండోవాడు అచ్చం ఆయనలాగే పాడతాడు. మా వంశంలో ఎవరికీ లేని విద్య! ఇల్లు విడిచి సంగీతంలోకి వెళ్ళిపోయాడు."

ముత్యాలుకి పొలమారింది.

పంచమం గారు గొంతు సవరించుకున్నాడు. "మూడో పాఠం. అందమంటే ఏమిటి? ఒకే పోలిక! గూట్లో పక్కవాటితో పోలని వస్తువు ఏదున్నా మొహమాటపడకుండా తీసి బయట పెట్టండి."

వరాలు రెక్క ఎత్తింది. "గుడ్లయినా సరేనా సార్?"

పంచమం గారు అప్పటికి కళ్ళు మూసుకుని తన గొంతు తనే వింటున్నాడు. "గుడ్లయినా, గులకరాళ్ళయినా! శాస్త్రానికి జాలి లేదమ్మా!"

కాకులన్నీ శ్రద్ధగా రాసుకున్నాయి.

ముత్యాలు నోరు తెరిచింది. మళ్ళీ మూసుకుంది. ఉచిత సలహాలివ్వడం ఆమె ఆ వారమే మానేసింది. ఉద్యోగం వద్దని చెప్పి ఇంటికి పోయింది.

నాలుగో రోజు పట్టాల పండుగ. వేదిక మీద ఎలుగుబంటి, పక్కన పంచమం గారు. ముందు వరసలో ఆయన భార్య చుక్కమ్మ, ఒళ్ళంతా చుక్కలు, ముఖం నిండా అలసట. వేసవంతా ఆయన పాడుతూ ఉంటే, కాకులు చూడకుండా గూడుగూడుకీ తిరిగి గుడ్డు పెట్టొచ్చే పని ఆవిడది. ఆ పనికి సంస్థలో పేరు కూడా లేదు. ముత్యాలు వెనక కొమ్మ మీద ఆకు చాటున కూర్చుని తొంగిచూస్తోంది.

"ముందుగా విద్యార్థినులు తమ గూళ్ళలోంచి తీసేసిన వస్తువుల్ని ప్రదర్శిస్తారు," అన్నాడు పంచమం, ఛాతీ పొంగించి.

వరాలు వచ్చి ఒక గుడ్డు పెట్టింది. "నాలుగు గుడ్లు ఒక పోలిక సార్, ఇదొక్కటే చిన్నది. పొదిగే ఆయన కింద నుంచి లాగేశాను. వేడిగా ఉండగానే తెచ్చాను, మీరు చూసి మెచ్చుకుంటారని."

రెండో కాకి వచ్చింది. అదీ గుడ్డే. మూడో కాకి, నాలుగో కాకి... పంచమం గారి ఎర్రకళ్ళ ముందు ఏడు చిన్న గుడ్లు బారులు తీరాయి. అన్నీ ఒకే పోలిక.

"భేష్!" అని ఎలుగుబంటి చప్పట్లు కొట్టాడు.

"నా గుడ్లు!" అని కేక పెట్టింది చుక్కమ్మ. ఒక్క గెంతులో వేదికెక్కి ఏడింటి మీదా రెక్కలు పరిచేసింది. "పాఠాలు చెప్పడానికి ఇదా దొరికింది నీకు? సంగీతం చెప్పుకోమన్నాను కదయ్యా!"

"ఆవిడ గుడ్లా? మరి నా గూట్లో ఎందుకున్నాయి?" అంది వరాలు. "అయితే మా రెండోవాడు..." అని మొదలుపెట్టి, పంచమం వైపు చూసింది. ముక్కు, మెడ, కళ్ళు, అన్నీ చూసింది. "ఓరి నీ సంగీతం తగలెయ్య!"

ఆ తర్వాత కాకులకి ఏ పాఠమూ అక్కర్లేకపోయింది. అవి నేరేడుచెట్టు నుంచి ఏటి దాకా పంచమాన్ని తరిమాయి. ఆయన అరిచిన అరుపుల్లో ఒక్కటీ శ్రుతిలో లేదని రామచిలుకలు తర్వాత చెప్పుకున్నాయి.

కాకి గూళ్ళకి ఆ రోజు నుంచీ కాపలా. ఆకాశమేమో నల్లబడుతోంది. తోకలో సగం ఈకలు పోగొట్టుకుని పంచమం ముత్యాలు గుమ్మం ముందు వాలాడు. వెనక చుక్కమ్మ, గడ్డితట్టలో ఏడు గుడ్లు.

"అమ్మా, వాన వచ్చేలోపు ఒక గూడు..."

"అయ్యో, ఎలా సార్? నాకు టేకాకు లేదు కదా. నేరం."

"ఇదిగో, ఇప్పుడే రాసిస్తాను! ఉన్నత శ్రేణి! కాదు, డాక్టరేటు!"

"మీ నలభై మంది శిష్యుల్ని పిలవండి. మందారాలు పరుస్తారు."

పంచమం గుడ్ల వైపు చూశాడు.

ముత్యాలుకి జాలేసింది. ఆయన మీద కాదు, తట్ట పట్టుకున్నావిడ మీద. "ఆ నిషేధం తీయించుకు రండి. ఈలోగా ఆకులు చూస్తుంటాను."

ఎలుగుబంటి నిషేధం పెట్టిన చేత్తోనే తీసేశాడు. రెండుసార్లూ అడవి క్షేమం కోసమేనని చాటింపులో చెప్పించాడు. ముత్యాలు పెద్దాకులు వెతికి, వరాలుని పిలిచి అంచులు పట్టుకోమని, తెల్లారేసరికి గూడు కుట్టింది. వరాలు తిడుతూనే పట్టుకుంది. "గుడ్లు ఏం పాపం చేశాయిలే" అంది. తర్వాత సిగ్గుపడుతూ, "ఇది నాకు నేర్పుతావా వదినా? ఎన్ని రోజులు పడుతుంది?" అని అడిగింది.

"రోజులు కాదు. రెండు వానాకాలాలు తడవాలి."

"టేకాకు ఇస్తావా?"

"ఆకు ఇస్తాను. కుట్టుకో."

తొలకరి పడింది. రేగుపొద ముళ్ళ గాట్లు ఇంకా మానని బంగార్రాజు, వాడి వెనక ఇంకో పదకొండు మంది గిజిగాళ్ళు, ముత్యాలు గుమ్మం ముందు వరస కట్టారు. ఆమె బంగార్రాజుని చివర నిలబెట్టింది. గూటికి ముడులు దేనికుంటాయో ఆలోచించుకునేంత తీరిక దొరకాలని.

చుక్కమ్మ గుడ్లని గూట్లో పెట్టింది. మొగుణ్ణి వాటి మీద కూర్చోబెట్టింది. "నేను పెట్టాను, నువ్వు పొదుగు," అని చెప్పి జీవితంలో మొదటిసారి ఊరికే షికారుకెళ్ళింది.

పంచమం రెండు రోజులు బుద్ధిగా పొదిగాడు. మూడో రోజు మధ్యాహ్నం గూట్లోంచి ఆ తీయటి గొంతు మళ్ళీ వినిపించింది.

"సోదరులారా! పితృత్వమంటే ఏమిటి? నా స్వానుభవంతో, మూడే రోజుల్లో..."

మొట్టమొదట పేరు రాయించుకున్నది ఎలుగుబంటి.

నీతి: తెలియని విద్య నేర్పితే తప్పులేదు, శిష్యులు శ్రద్ధగా నేర్చుకోకుండా చూసుకుంటే చాలు.