డిస్‌ప్లే పీసు

"సంగీతం అనేది విజయనగరం వాడు నేర్చుకునేది కాదు. ఇక్కడి నీళ్లు తాగితే చాలు, అదే ఒంటబడుతుంది!" అని మోహనకృష్ణ ఏ సభలో మైకు దొరికినా సెలవిచ్చేవాడు. అన్నప్పుడల్లా మా ఊరి జనం చప్పట్లు కొట్టేవారు. కొట్టక ఏం చేస్తారు? అక్కడున్న అందరూ తాగేది అవే నీళ్లు మరి.

మోహనకృష్ణ ఒకానొక ప్రభుత్వ కార్యాలయంలో సూపరింటెండెంటు. అది పొట్ట కోసం. పరువు కోసం ‘నాదసుధా రసిక సమాజం’ అధ్యక్షుడు. ఆ సమాజంలో పాడేవాళ్లెవరూ లేరు, అందరూ వినేవాళ్లే. వినడంలో ఎవరు గొప్ప అన్నది తల ఊపే తీరుని బట్టి నిర్ణయమవుతుంది. రిటైరైన లెక్చరరు, సమాజం కార్యదర్శి అయిన నారాయణమూర్తిగారు గాయకుడు నోరు తెరవకముందే "భేష్" అనగల సమర్థులు. మోహనకృష్ణ ఆయనకన్నా రెండాకులు ఎక్కువే చదివాడు. కళ్లు మూసుకుని, పెదవి బిగబట్టి, లోపలెక్కడో నొప్పి పుడుతున్నట్టు తలని మెల్లగా అడ్డంగా తిప్పేవాడు. ఆ తిప్పుడు చూడడానికే కచేరీకి వచ్చేవాళ్లు కొందరున్నారు.

నిజం ఏమిటంటే, ఆలాపన మొదలైతే చాలు, అధ్యక్షులవారికి నిద్ర ముంచుకొచ్చేది.

అతని ఒళ్లు పులకరించేది ఒక్క తప్పెటగుళ్లకే. గుండెకి కట్టుకున్న రేకు తప్పెట మీద దరువేస్తూ, కాళ్ల గజ్జెలు ఘల్లుమనేలా గెంతుతూ పాడే ఆట అది. నెల్లిమర్ల అవతల అతని సొంతూళ్లో మేనమామ లక్ష్ముడు ఆ ఆటకి గురువు. చిన్నప్పుడు మావ వెనకాల గెంతని జాతర లేదు. కాలేజీలో చేరిన కొత్తలో, నీకేం వచ్చని ఎవరో అడిగితే అమాయకంగా ఒక గెంతు గెంతి చూపించాడు. క్లాసంతా పగలబడి నవ్వింది. చదువయ్యేదాకా ‘తప్పెట మోహనుడు’ అనే పిలిచారు. అప్పట్నుంచీ అతనికి జీవితంలో ఒకటే కోరిక. ఆ పేరు చెరిగిపోయేలా నలుగురి చేతా రసికుడు అనిపించుకోవాలి.

అయినా ప్రాణం ఊరుకోదుగా. మొన్నటి జాతరలో మావ ఆటని దొంగచాటుగా ఫోన్లో రికార్డు చేసుకున్నాడు. మధ్యలో మావ గొంతు కూడా పడింది. "ఒరే మోహనా, అలాగ నిలబడిపోనావేటి, గెంతరా!" ఆ వెనకే ఒక ఈల. ఆ ఈల సాక్షాత్తూ అధ్యక్షులవారిదే.

చిక్కంతా ఫోనుతోనే వచ్చింది. ఇంట్లో దాన్ని కూతురు హేమ పాఠాలకని లాక్కుంటుంది. ఒకసారి కార్యవర్గ సమావేశంలో చెయ్యి తగిలి, జేబులోంచి తప్పెట మోగింది. వీధిలో ఎవరో వెళ్తున్నారని చెప్పి గండం గట్టెక్కాడు. ఆ రోజే నిశ్చయించుకున్నాడు, పాటలకని వేరే చిన్న యంత్రం ఒకటి కొనుక్కోవాలని. సమాజానికి మాత్రం ఇంకోలా ప్రకటించాడు. "ఫోన్లో వినబడేది సంగీతం కాదు, సమాచారం."

ఈ మాటకి సమాజం కదిలిపోయింది. పోర్టబుల్ మ్యూజిక్ ప్లేయరు ఎంపిక మీద ప్రత్యేక చర్చే జరిగింది. ఇరవైనాలుగు బిట్లకి తక్కువైతే తంబురా నాదంలో జీవం ఉండదని నారాయణమూర్తిగారు తేల్చారు. బిట్టు అంటే ఏమిటని ఎవరూ అడగలేదు, తెలియనివాళ్లుంటే కదా! మోహనకృష్ణ గంభీరంగా తలాడించాడు. అతని మనసులోని అర్హతలు వేరు. బయటికి మోగే స్పీకరు ఉండకూడదు. మఫ్లరు కింద దాగే వైరు ఇయర్‌ఫోన్ పట్టాలి. చొక్కా జేబులో చెయ్యి పెట్టి చూడకుండా నొక్కగల బటన్లుండాలి. అన్నిటికన్నా ముఖ్యం, పాట పేరు తెర మీద పెద్ద అక్షరాలతో వెలగకూడదు. ఇవన్నీ ఒక మధ్యరకం ఉద్యోగి భరించగల ధరలో దొరకాలి. భార్య పద్మకుమారి మాత్రం, బంగారంలాంటి ఫోనుండగా ఇంకో డబ్బా ఎందుకంది. శబ్దస్వచ్ఛత నీకు అర్థం కాదని అతను ఆమె నోరు మూయించాడు.

కోట దగ్గర ధనరాజు కొట్టుంది. ఇలాంటివన్నీ అమ్ముతాడు, పెళ్లిళ్లకీ సభలకీ స్పీకర్లు అద్దెకిస్తాడు. మోహనకృష్ణ వెళ్లి తను ఫలానా సమాజం అధ్యక్షుణ్ణని చెప్పేసరికి, ధనరాజు చెయ్యి తుడుచుకుని మరీ అద్దాల బీరువాలోంచి ఒకటి తీశాడు. ధర విన్నాక, అది అరచేతిలో కాస్త బరువనిపించిందన్నాడు మోహనకృష్ణ. రెండోది ఎర్రది, రంగురంగుల లైట్లు వెలుగుతూ దానంతటదే అరుస్తోంది. భజన వాళ్లు ఎక్కువగా తీసుకెళ్తారట. వెంటనే పక్కన పెట్టించాడు. మూడోది నల్లగా, అగ్గిపెట్టెకి కాస్త పెద్దదిగా ఉంది. నొక్కుడు బటన్లు, మెమరీ కార్డు, వైరు పెట్టుకునే కన్నం, చీకటి తెర. చూడగానే మనసుపడ్డాడు గానీ, అది కూడా అనుకున్నదానికి కొంచెం పైనే ఉంది.

ధనరాజు అతని మొహం చదివేశాడు. "డిస్‌ప్లే పీసు ఉన్నాది సార్. కొత్త సరుకే. నాను ఆ పెద్ద స్పీకరుకి కలిపి గిరాకీలకి వినిపిత్తన్నాను, అంతే. మీకైతే బాగా తగ్గించేస్తాను."

డిస్‌ప్లే పీసు మూల మీద నీలం దీపం ఒకటి మిణుకుమిణుకుమంటోంది. ధనరాజు దాని సంగతి చెప్పబోయాడు. కానీ అధ్యక్షుడన్నవాడు కొట్టువాడి దగ్గర పాఠం వింటే ఏం మర్యాద? "తెలుసులే, బ్యాటరీ బాగుందన్నమాట" అన్నాడు మోహనకృష్ణ. కొనేవాడి మాట కాదనడం ధనరాజుకి అలవాటు లేదు.

ఆ చలికాలం మోహనకృష్ణ దశ తిరిగింది. కచేరీకి మఫ్లరు చుట్టుకుని ముందు వరసలో కూర్చునేవాడు. మఫ్లరు కింద ఒక చెవిలో లక్ష్ముడు మావ. ఇక నిద్రెలా వస్తుంది? గాయకుడు ఒక తాళంలో పాడుతుంటే అధ్యక్షులవారి చెయ్యి తొడ మీద ఇంకో దరువు వేసేది. తప్పు పట్టడానికి ఎవరికీ ధైర్యం చాల్లేదు. అది మనబోటివాళ్లకి అందే తాళం కాదని నారాయణమూర్తిగారు వ్యాఖ్యానించారు. ఆ అందకపోవడం మీదే, వార్షికోత్సవంలో అతనికి ‘రసిక శిఖామణి’ బిరుదు ఇవ్వాలని తీర్మానం జరిగిపోయింది. ఆ కబురు విన్న రోజు మోహనకృష్ణ ఇంటికి మిఠాయి పొట్లం పట్టుకెళ్లాడు. తప్పెట మోహనుడు ఇన్నాళ్లకి పోతాడు.

వార్షికోత్సవానికి హాలు నిండింది. పై అధికారి నరసింగరావుగారు కూడా వచ్చి పక్క కుర్చీలో కూర్చున్నారు. సరిగ్గా అతని వెనక వరసలో పద్మకుమారి, హేమ. సమాజం పాత మైకు సెట్టు కాలిపోవడంతో, ధనరాజు కొట్లోని పెద్ద స్పీకరునే అద్దెకి తెచ్చి వేదిక పక్కన నిలబెట్టారు. కచేరీ తర్వాత బిరుదు. సుహాసిని అనే అమ్మాయి చక్కగా ఆలాపన అందుకుంది. నరసింగరావుగారికి ఆవలింత వచ్చింది. మోహనకృష్ణకి కూడా రెప్పలు బరువెక్కాయి. జేబులో చెయ్యి పెట్టి బటను నొక్కాడు.

స్పీకరులోంచి ఎవరో ఆడమనిషి ఇంగ్లీషులో రెండు ముక్కలు పలికింది. అద్దె స్పీకరు గోలేమో అనుకున్నారు అందరూ. మోహనకృష్ణ చెవిలో మాత్రం ఏమీ వినబడలేదు. సౌండు పెంచాడు. మళ్లీ పెంచాడు. అప్పుడొచ్చింది తప్పెట! చెవిలో కాదు, నలుదిక్కులా కమ్ముకున్నట్టు, నేల అదిరేట్టు. ‘డిస్‌ప్లే పీసైనా ఏం స్వచ్ఛత’ అనుకుని, కళ్లు మూసుకుని తన్మయుడైపోయాడు. తల తిప్పడం కూడా మర్చిపోయాడు.

"ఒరే మోహనా, అలాగ నిలబడిపోనావేటి, గెంతరా!"

ఈల.

కళ్లు తెరిస్తే హాలంతా అతని వైపే చూస్తోంది. సమాజం పుట్టాక మొదటిసారి సభ్యులందరూ మెలకువగా ఉన్నారు. నరసింగరావుగారి భుజాలు ఊగుతున్నాయి. నారాయణమూర్తిగారి చెప్పు దరువుకి ఎగిరిన కాలి నుంచి ఊడి అంత దూరాన పడింది. సుహాసిని పాట ఆపేసి నవ్వుతూ చప్పట్లతో దరువు వేస్తోంది. మోహనకృష్ణ కంగారుగా వైరు లాగాడు. వైరు ఊడొచ్చింది గానీ పాట ఆగలేదు; జేబులోని నీలం దీపం, కొట్లో అలవాటైన ఆ స్పీకరుతో వైరు లేకుండానే కలిసిపోయింది మరి. ధనరాజు పరుగెత్తుకొచ్చి స్పీకరు నోరు నొక్కాడు.

అంతా అయిపోయింది, ఇక ఈ ఊళ్లో తలెత్తుకోలేనని మోహనకృష్ణ గుండె జారిపోయింది. జారిపోయిన చోట ఒక చిత్రమైన తేలిక కూడా కనబడింది. నిజం చెప్పేద్దామని లేచాడు. ఈలోగా నారాయణమూర్తిగారు ఒక కాలికి చెప్పు లేకుండానే మైకు అందుకున్నారు. శాస్త్రీయ, జానపద బాణీల సమన్వయం దిశగా అధ్యక్షులవారు చేపట్టిన ప్రయోగమిది, కార్యవర్గానికి ముందే తెలుసు అన్నారు. నరసింగరావుగారు మొదట చప్పట్లు కొట్టారు. తర్వాత అందరూ కొట్టారు. మోహనకృష్ణ నోరు తెరిచేసరికి శాలువా మీద పడింది.

"ఆ తీగ లోపలికి తోసుకోండి. ఫొటో తీస్తన్నారు" అంది వెనక నుంచి పద్మకుమారి, మెల్లగా.

ఆ తర్వాత సమాజంలో జానపదం ప్రవాహమైపోయింది. తప్పెటగుళ్లు అంటే మొహం చిట్లించినవాళ్లందరికీ ఎవరో ఒక తాత ఆ ఆటలో బయటపడ్డాడు. మోహనకృష్ణ పక్క జిల్లా ఎచ్చెర్ల దాకా వెళ్లి ఆ కళ మీద ప్రసంగించి వచ్చాడు. చివరికి లక్ష్ముడి బృందాన్నే హాలుకి ఆహ్వానించారు. మేనల్లుడి ఊళ్లో ఆట అని తెలిసి లక్ష్ముడు కొత్త గజ్జెలు కొనుక్కుని వచ్చాడు.

దరువు మొదలైంది. తప్పెట తాకకముందే నారాయణమూర్తిగారు "భేష్" అన్నారు. సభ్యులంతా కుర్చీల్లో వెనక్కి వాలి, కళ్లు మూసుకుని, తలలు మెల్లగా అడ్డంగా తిప్పసాగారు. కాసేపటికి కొన్ని తలలు తిరగడం మానేసి గుండెల మీదికి ఒరిగిపోయాయి. ఒక్క కాలూ కదల్లేదు.

లక్ష్ముడు కాసేపు చూశాడు. ఆట ఆపి, చెమట తుడుచుకుని, ముందు వరస వైపు తిరిగి పెద్ద గొంతుతో పిలిచాడు. "ఒరే మోహనా, కూకుండిపోనావేటి, లెగిసి గెంతరా!" పక్కకి జరిగి, తన వెనకాల చోటు కూడా చూపించాడు.

మోహనకృష్ణ కాళ్లు నేల మీద నిలవడం లేదు. చిన్నప్పటి జాతరలన్నీ ఒక్కసారి ఒంట్లోకి వచ్చాయి. లేచాడు. వేదిక ఎక్కాడు. నరసింగరావుగారు చూస్తున్నారు. శాలువా సర్దుకుని మైకు ముందు నిలబడి, గొంతు సవరించుకున్నాడు.

"ఈ పిలుపులో ఒక నేల ఆర్తి ఉంది" అని ప్రారంభించి చాలాసేపు మాట్లాడాడు. హాలు దద్దరిల్లేలా జనం చప్పట్లు కొట్టారు. లక్ష్ముడు తప్పెట మీద చేతులు ఆనించి, అంతసేపూ అలాగే నిలబడి విన్నాడు.

"ఇంకొక పాట అందుకోండి" అన్నాడు మోహనకృష్ణ.

పుట్టిన దగ్గర్నుంచీ ఒరే అని తప్ప ఇంకోలా పిలవని మావ తల వంచి, "అలాగే సార్" అన్నాడు.