బంతిపూల బ్యాకప్

ప్రభుత్వ కార్యాలయంలో దేన్నయినా పోగొట్టుకోవాలంటే ముందుగా దాన్ని నియమానుసారం భద్రపరచాలి. భద్రపరచకుండా పోగొడితే నిర్లక్ష్యం అంటారు. భద్రపరచి పోగొడితే అది కేవలం విచారించదగ్గ పరిణామం. ఈ రెండింటికీ తేడా తెలియనివాళ్లు సర్కారును తిడుతూ తిరుగుతుంటారు. తెలిసినవాళ్లు అందులోనే ఉద్యోగం చేసుకుంటూ చల్లగా ఉంటారు.

ఎల్లారెడ్డి బస్టాండుకు కొద్ది దూరంలో, పైపులూ మోటార్లూ అమ్మే దుకాణం పైఅంతస్తులో కార్మిక వివరాల పరిరక్షణ ఉపకార్యాలయం ఉంది. (మెట్ల దగ్గర బోర్డు కూడా ఉండేది. ఇప్పుడు దాని మీద మోటార్ల ప్రకటన ఉంది. ఆఫీసు కోసం వచ్చి మోటారు కొనుక్కుపోయినవాళ్లు ఉన్నారు గానీ, మోటారు కోసం వచ్చి ఆఫీసులో పని చేయించుకుపోయినవాళ్లు మాత్రం ఇంతవరకు లేరు.) చుట్టుపక్కల మండలాల్లో బీడీలు చుట్టేవాళ్ల వివరాలన్నీ అక్కడున్న ఒకే ఒక్క కంప్యూటర్‌లో ఉంటాయి. ఆ కంప్యూటర్ వచ్చిన వారానికే పాత రిజిస్టర్లను తూకానికి అమ్మేశారు. ఒకే సమాచారం రెండు చోట్ల ఉంటే ఏది నిజమో తేల్చుకోలేక ప్రజలు ఇబ్బంది పడతారని పైవాళ్ల అభిప్రాయం. కొంతకాలానికి అదే పైవాళ్లకు, సమాచారం ఒకే చోట ఉంటే ప్రమాదమని కూడా తోచింది. రెండు అభిప్రాయాల కిందా ఒకే సంతకం ఉంది కనుక రెండూ సరైనవే.

అలా కామారెడ్డిలోని ప్రతుల భద్రతా విభాగం నుంచి ఎల్లారెడ్డికి ఒక హార్డ్ డిస్క్ వచ్చింది. అరచేతిలో పట్టే నల్లటి పెట్టె. తీగతో కంప్యూటర్‌కు తగిలిస్తే అక్కడున్నదంతా దీంట్లోకి కాపీ అవుతుంది. రేపు కంప్యూటర్‌కు ఏమైనా దీంట్లో ఉన్నది దీంట్లో ఉంటుంది. దీన్నే బ్యాకప్ అంటారు. బడిపిల్లలు కూడా చేయగలిగినంత తేలికైన పని కాబట్టి దీనికి నిబంధనలు రాయక తప్పలేదు.

ప్రతి శుక్రవారం బ్యాకప్ తీయాలన్నది మొదటి నిబంధన. తీశాక డిస్క్‌ను ఇనుప బీరువాలో పెట్టి తాళం వేయాలన్నది రెండోది. డిస్క్ పాడైతే చివరిసారి ముట్టుకున్నవారి జీతంలోంచి కోత పెడతామన్నది మూడోది. మూడోది చదివాక మొదటిదాన్ని మళ్లీ చదివినవాళ్లు లేరు. నాలుగో నిబంధన కూడా ఒకటుంది: ఆఫీసు డేటాను సొంత పెన్‌డ్రైవుల్లోకి ఎక్కించుకున్నవారిని ఉద్యోగంలోంచి తీసేస్తారు. ఇది ఎవరికోసం రాశారో అప్పట్లో ఎవరికీ తెలియదు.

ఉపకార్యాలయ అధికారి మహేందర్ గారు నిబంధనల పట్ల అపారమైన గౌరవం ఉన్న మనిషి. డిస్క్ ఏ అట్టపెట్టెలో వచ్చిందో ఆ పెట్టెతో సహా బీరువాలో పెట్టి తాళం చెవి మొలతాడుకు కట్టుకున్నారు. దసరాకు ఆయుధపూజ రోజు మాత్రం డిస్క్ బయటికి వచ్చేది. అటెండర్ తిరుపతి దానికి పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, చుట్టూ బంతిపూలు పేర్చి, నిమ్మకాయ తిప్పేవాడు. (పూజ చేయడం ముట్టుకోవడం కిందికి రాదని మహేందర్ గారు ముందే తేల్చారు.) అప్పుడు ఒక ఫొటో తీసేవారు. ఏడాది పొడుగునా ప్రతి శుక్రవారం ఆ ఫొటోనే వాట్సాప్ గ్రూపులో పెట్టి, కింద ‘బ్యాకప్ పూర్తయినది’ అని రాసేవారు. కామారెడ్డి నుంచి సహాయ భద్రతాధికారి అరుణ్‌కుమార్ గారు బొటనవేలు బొమ్మ పంపేవారు. ఒకే ఒక్కసారి ఆయనకు అనుమానం వచ్చి, ‘పూలు ఎందుకు?’ అని అడిగారు.

‘శుక్రవారం కదా సార్’ అని మహేందర్ గారు జవాబు రాశారు. దానికీ బొటనవేలు వచ్చింది.

ఇలా ఐదేళ్లు ఏ లోటూ లేకుండా గడిచాయి. ఆ ఐదేళ్లూ కంప్యూటర్ ముందు కూర్చున్నది కాంట్రాక్టు ఆపరేటర్ వినీత. నాట్ల కాలంలో ఊళ్లలో మోటార్లన్నీ ఒక్కసారే వేసినప్పుడు కరెంటు పోయి, ఆమె పొద్దంతా కొట్టిన పేర్లు ఒకరోజు ఎగిరిపోయాయి. వినీతకు ఏడుపొచ్చింది. ఏడ్చి, మళ్లీ కొట్టింది. ఆ రోజు నుంచి ఇంటికి పోయేముందు అంతా తన పెన్‌డ్రైవులోకి ఎక్కించుకునేది. అది ఆమె అన్న పెండ్లికి ఫొటోగ్రాఫర్ ఇచ్చిన పెన్‌డ్రైవు. అందులో పెండ్లి ఊరేగింపు (బరాత్) వీడియో ఉంది, దాని పక్కన నాలుగు మండలాల బీడీ కార్మికులు ఉన్నారు. స్కూటీ తాళం చెవులకు వేలాడుతూ వాళ్లంతా రోజూ ఆమెతో కూరగాయల మార్కెట్‌కు కూడా వెళ్లొచ్చేవారు.

మొన్నటి దసరాకు తిరుపతి భక్తి ఒక మెట్టు పైకెక్కింది. డిస్క్‌కు ఇంత చేస్తూ కంప్యూటర్‌ను పట్టించుకోకపోవడం న్యాయం కాదని, నేల మీదున్న సీపీయూ ముందు కొబ్బరికాయ కొట్టాడు. నీళ్లు సగం గిన్నెలో పడ్డాయి, సగం సీపీయూ తాగింది. సెలవుల తర్వాత మీట నొక్కితే కాస్త పొగ వచ్చింది, మరేమీ రాలేదు. మెకానిక్ విప్పి చూసి లోపల ఏదీ మిగల్లేదన్నాడు. ‘దైవసంబంధమైన కారణాల వల్ల’ అని మహేందర్ గారు కామారెడ్డికి నివేదిక పంపారు.

సరిగ్గా ఆ రోజే మహమ్మద్‌నగర్ నుంచి భూదవ్వ వచ్చింది. వెంట కూతురు పల్లవి ఉంది.

"బిడ్డకు కామారెడ్డిల నర్సింగు సీటొచ్చింది సారూ, బీడీలు చేసెటోళ్ల కోటాల. నేను బీడీలు చేస్తున్ననని మీరు కాయిదం ఇయ్యాల్నట. శనివారం లోపట ఇయ్యకుంటె సీటు ఇంకొకలకు పోతదంట" అంది భూదవ్వ.

"కంప్యూటర్ పని చేస్తలేదవ్వా" అన్నారు మహేందర్ గారు.

"అది చెయ్యకుంటె ఏంది సారూ, నేను చేస్తున్న గద. ఇగో, చేతులు సూడుండ్రి."

పొగాకు పట్టి గోధుమరంగుకు తిరిగిన వేళ్లను ఆమె బల్ల మీద పరిచింది. మహేందర్ గారు వాటిని సానుభూతితో చూసి, ఇవి రికార్డు కిందికి రావన్నారు. (సర్కారులో వేలిముద్రలు చెల్లుతాయి, వేళ్లు చెల్లవు.) అయినా భయపడాల్సిన పని లేదని, అంతా బీరువాలో భద్రంగా ఉందని ధైర్యం చెప్పారు. ఆయన అబద్ధమాడలేదు. ఐదేళ్లుగా వారం వారం తాను రాస్తున్న మాటను ఆయన మనస్ఫూర్తిగా నమ్ముతున్నారు.

పూజకు కాకుండా పనికి డిస్క్ తీయాలంటే కామారెడ్డి అనుమతి కావాలి. అది గురువారానికి వచ్చింది, భూదవ్వా పల్లవీ కూడా మళ్లీ వచ్చారు. డిస్క్‌కు తీగ తగిలించే రంధ్రం పసుపుతో పూడిపోయి ఉంది. వినీత పిన్నీసుతో పొర తర్వాత పొర తవ్వుతుంటే, మహేందర్ గారు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డారు.

"చివరిసారి నువ్వే ముట్టుకుంటున్నవ్ వినీతా, యాదికుంచుకో" అన్నారు.

కింద మోటార్ల దుకాణం నుంచి అడిగి తెచ్చిన ల్యాప్‌టాప్‌కు తగిలించగానే డిస్క్ మీద చిన్న దీపం వెలిగింది. తిరుపతి దండం పెట్టాడు.

"ఖాళీగ ఉంది సార్" అంది వినీత.

"మొత్తం చూసినవా?"

"మొత్తం ఖాళీగనే ఉంది."

"వైరస్ గిట్ల తిన్నదేమో చూడు."

"వైరస్ గుడ రాలేదు సార్. దీంట్లకు ఇంతవరకు ఏదీ రాలేదు."

మహేందర్ గారు కామారెడ్డికి ఫోను చేశారు. డిస్క్ ఖాళీగా ఉండే అవకాశం లేదని, బ్యాకప్ పూర్తయినట్టు తమ దగ్గర ఐదేళ్ల ఫొటోలున్నాయని అరుణ్‌కుమార్ గారు గట్టిగా చెప్పారు. ఆ మాట విని మహేందర్ గారికి కొంత ఊరట కలిగినట్టే కనిపించింది. భూదవ్వకు మాత్రం కలగలేదు. ఆమె మెట్ల మీద కూలబడి, "సీటు పాయె బిడ్డా, ఇంటికి పోదాం పా" అంది. పల్లవి లేవలేదు.

వినీత చాలాసేపు తాళం చెవుల గుత్తిని చేతిలో తిప్పుతూ కూర్చుంది. ఆమెకు భయంగానే ఉంది. ఇల్లు నడిచేది ఆ జీతం మీదనే.

"సార్, నా దగ్గర ఉన్నయ్. అందరి వివరాలు" అంది చివరికి.

మహేందర్ గారి మొహం వెలిగి, నాలుగో నిబంధన గుర్తొచ్చి, ఆరిపోయింది. పెన్‌డ్రైవును తాకకుండా చేతిరుమాలుతో అందుకుని కవరులో పెట్టి సీలు వేశారు. మర్నాడు కామారెడ్డిలో విచారణ. పొద్దున ఎల్లారెడ్డి నుంచి వెళ్లిన బస్సులో ముందు సీట్లో మహేందర్ గారి ఒడిలో నేరం, పక్కన నిందితురాలు, వెనక సీట్లో భూదవ్వ, పల్లవి ఉన్నారు.

విచారణలో పెన్‌డ్రైవు తెరవగానే ముందుగా బరాత్ వచ్చింది. సాక్ష్యాన్ని మధ్యలో ఆపడం పద్ధతి కాదు కనుక అధికారులు చివరిదాకా చూశారు. పెండ్లికొడుకు మేనమామ బాగా ఆడాడని నమోదు చేసుకున్నారు. ఆ తర్వాత కార్మికుల వివరాలు వచ్చాయి. భూదవ్వ పేరు, ఫొటోతో సహా, అక్కడే ఉంది. తన మొహం తెర మీద చూసి, "ఉన్న, ఉన్న, నేనున్న" అంది భూదవ్వ.

అరుణ్‌కుమార్ గారు కళ్లద్దాలు తుడుచుకుని చాలా లోతుగా ఆలోచించారు.

"చూడమ్మా వినీతా, అసలు ఉంటేనే నకలు ఉంటది. అసలు కొబ్బరినీళ్లల్ల పోయింది. దేంతోని పోల్చి దీన్ని ఆఫీసు డేటా అనాలె? కాబట్టి ఇది నీ సొంత ఫైలు. సొంత బరాత్ లెక్కనే. నేరం రుజువు కాలేదు, నువ్వు పోవచ్చు."

వినీత ఊపిరి పీల్చుకుంది. భూదవ్వ మాత్రం కదల్లేదు.

"మరి నా కాయిదం సారూ?"

"ఆమె సొంత ఫైలు మీద సర్కారు ముద్ర ఎట్ల ఎయ్యమంటవవ్వా?"

గదిలో ఫ్యాను తిరుగుతోంది. అప్పటికి సగం పొద్దు పోయింది, రేపే శనివారం. వినీత లేచి నిలబడింది.

"సార్, ఇది ఆఫీసు డేటానే, నేనే దొంగతనంగ ఎక్కించుకున్న అని రాసిస్తే?"

"ఒప్పుకుంటే ఇంక పోల్చుడు అవసరం లేదు. ఆఫీసు డేటా అయితది."

"అప్పుడు అవ్వకు కాయిదం ఇస్తరా?"

"ఇయ్యక తప్పదు."

"నా నౌకరి?"

"పోతది" అన్నారు అరుణ్‌కుమార్ గారు. ఆయన గొంతులో కాఠిన్యమేమీ లేదు, బస్సు ఎన్నింటికో చెప్పినట్టు చెప్పారు.

"వద్దక్కా" అంది పల్లవి. అన్ని రోజుల్లో ఆ పిల్ల నోటి నుంచి వచ్చిన మొదటి మాట అదే.

వినీతకు ఒళ్లు మండింది. "ఐదేండ్లు ఉత్త ఫొటోలు పంపినోళ్లకు ఏం కాదా సార్?"

"వాళ్లు నిబంధన పాటించిన్రమ్మా. ప్రతి శుక్రవారం పంపిన్రు."

ఆమె కాగితం అడిగింది. మహేందర్ గారు వెంటనే తన పెన్ను మూత తీసి అందించారు. వినీత రాసి సంతకం పెట్టగానే నాలుగు మండలాల బీడీ కార్మికులు మళ్లీ అధికారికంగా ఉనికిలోకి వచ్చారు. భూదవ్వ కాగితం ముద్రపడి బయటికి వచ్చింది. అదే ప్రింటరులోంచి, దాని వెనకే, వినీతను తొలగించిన ఉత్తర్వు వచ్చింది. భూదవ్వ ఆమె చేతులు పట్టుకుని ఏడ్చింది. వినీత కూడా ఏడ్చింది. ఈసారి మళ్లీ కొట్టడానికి కంప్యూటర్ లేదు.

శనివారం పల్లవి కాలేజీలో చేరింది.

తర్వాతి పరిణామాలన్నీ సంతృప్తికరంగా ఉన్నాయి. పెన్‌డ్రైవును స్వాధీనం చేసుకుని కొత్త కంప్యూటర్‌లోకి అంతా ఎక్కించారు (బరాత్ ఇప్పుడు ప్రభుత్వ రికార్డు). ఇంత పెద్ద ప్రమాదం జరిగినా ఒక్క కార్మికుడి వివరం కూడా పోకుండా కాపాడినందుకు ఎల్లారెడ్డి ఉపకార్యాలయానికి ప్రశంసాపత్రం వచ్చింది. మహేందర్ గారు దాన్ని డిస్క్ పక్కన, బీరువాలో పెట్టి తాళం వేశారు. ఖాళీ అయిన ఆపరేటర్ ఉద్యోగానికి ప్రకటన కూడా వేశారు. కనీస అనుభవం ఐదేళ్లు; సొంత పెన్‌డ్రైవు ఉన్నవారికి ప్రాధాన్యం.

వినీత దరఖాస్తు పెట్టుకుంది. అనుభవానికి రుజువుగా తన సర్వీసు వివరాలు ఇప్పించమని అదే ఆఫీసుకు రాసింది. అవి పాత కంప్యూటర్‌లో ఉండేవి. రోజూ సాయంత్రం అందరినీ పెన్‌డ్రైవులోకి ఎక్కించుకున్న మనిషికి, తనను తాను ఎక్కించుకోవాలని ఒక్కసారీ తోచలేదు.

వారం తిరక్కుండానే జవాబు వచ్చింది. ఆమె ఐదేళ్ల సర్వీసు వివరాలు హార్డ్ డిస్క్‌లో పూర్తి భద్రంగా ఉన్నాయని, ఎటువంటి ఆందోళనా అవసరం లేదని, రుజువుగా ఫొటో జతచేస్తున్నామని అందులో ఉంది.

ఫొటోలో బంతిపూలు ఇంకా వాడలేదు.