నారప్ప చించిన కాగితం

పెళ్లయిన ముప్పై ఏళ్లకు రాయచెర్లు నారప్పకు సొంత ఇంట్లోనే ఒక శత్రువు తయారైంది. దానికి అట్ట లేదు, మొదటి ఆరు పేజీలు లేవు, పేరేమిటో ఎవరికీ తెలియదు. అదొక నవల.

అతని భార్య రామలక్ష్మమ్మ దాన్ని మడకశిర దగ్గరి పుట్టింటి నుంచి పెళ్లిపెట్టె అడుగున పెట్టి తెచ్చుకుంది. వేరుశనగ చేను ఉన్న ఇంట్లో ఆడమనిషికి నవల చదివే తీరిక ఎక్కడిది? అది పెట్టెలోనే ఉండిపోయింది. చేను సోలార్ పార్కుకు పోయాక కలుపు లేదు, కాయ ఒలుపు లేదు. మధ్యాహ్నాలు ఖాళీ అయ్యాయి, నవల బయటికొచ్చింది.

నారప్పకూ పని లేదు. పొద్దున ఇంటికి పడమటి పక్క, మధ్యాహ్నం దాటితే తూర్పు పక్క, నీడ ఎటు జరిగితే తానూ అటు జరిగేవాడు. ఊళ్లో నీడ నారప్ప అని పేరు పెట్టారు. తన చేలో సోలార్ పలకలు ఎండలో కష్టపడుతున్నాయి కదా, ఇంటికొకరు కష్టపడితే చాలదా అని అతని వాదన.

గొడవంతా ఏడుపు దగ్గర వచ్చింది. రామలక్ష్మమ్మ ఆ నవలను పది రోజుల్లో ముగించి, పదకొండో రోజు మళ్లీ మొదలుపెట్టేది. ప్రతిసారీ ఒకే చోట ఆగి, కొంగు కళ్లకు అద్దుకునేది. ఆ పూట సంగటి నిండా ఉండలు, వేరుశనగ నూరిన ఊరిబిండిలో ఉప్పుండదు. పుస్తకంలో ఎవరో చస్తే తన పొట్ట ఎందుకు మాడాలో నారప్పకు అర్థం కాలేదు.

“ఎవురే సచ్చిపొయ్యేది దాంట్లో?” అని ఒకరోజు అడిగాడు.

“ఎవురూ సావరు.”

“మరి ఏడ్సేది దేనికి?”

“నీకు చెప్పినా తెల్దులే.”

చదివి తెలుసుకుందామంటే, సరిహద్దుకు కన్నడం వైపున్న ఊరు కాబట్టి అతను చదివింది కన్నడ బడి. మాటంతా తెలుగే గానీ తెలుగు అక్షరం రాదు. ఆ పుస్తకం తెరిస్తే సగం అక్షరాలు చుట్టాల్లా పలకరిస్తాయి, తక్కిన సగం మొహం తిప్పుకుంటాయి.

అసలు మంట వేరే ఉంది. ఇరవై ఎనిమిదేళ్ల లీజుకు చేను రాసిచ్చిన రోజు ఆమె ఏడవలేదు. సోలార్ పార్కు తరఫున వచ్చినవాళ్లకు కాఫీలిచ్చింది, గ్లాసులు కడిగి బోర్లించింది. మా ఇంటామె ఒక్క మాట ఎదురు చెప్పలేదని నారప్ప ఊరంతా గొప్పగా చెప్పుకున్నాడు. అంత గట్టి మనిషి ఎవరో కాగితం మనుషుల కోసం ఏడుస్తుంటే అతనికి తలకొట్టేసినట్లుండేది.

ఆమె అరసికెరెలో సీమంతానికి పోయిన రోజు, తలుపు దగ్గరగా వేసుకుని పుస్తకం ఒళ్లో పెట్టుకున్నాడు. అక్షరం తెలియకపోతేనేం, చేలో మన్ను పదును చూసిన చేతులవి. ఎక్కడ తడి తగిలిందో వేళ్లతో వెతికాడు. మధ్యలో ఒక కాగితం ఉబ్బి, అక్షరాలు అలుక్కుపోయి కనిపించింది. స్కేలు పెట్టి శుభ్రంగా చించేశాడు.

దాచడానికి ఇంట్లో ఆమె చెయ్యి పడని చోటు కావాలి. పెట్టె ఆమెది, గింజల డబ్బాలు ఆమెవి, దేవుడి గూడూ ఆమెదే. మిగిలింది చేను లీజు ఫైలు. అది ఇంట్లోకి వచ్చిన రోజు నుంచి రామలక్ష్మమ్మ దాన్ని ముట్టలేదు. దుమ్ము దులిపినా దాని చుట్టూ దులిపి వదిలేసేది. కాగితాన్ని అందులో పెట్టి, తన తెలివికి తానే మురిసిపోయాడు.

మూడో రోజు చదువు ఆ చోటికి వచ్చింది. నారప్ప ఫోన్ చూస్తున్నట్లు నటిస్తూ కూర్చున్నాడు. ఆమె పేజీ తిప్పి ఆగింది. చిరిగిన అంచును వేలితో తడిమి చూసింది.

“ఇంట్లో ఎలకలు శానా అయినాయి,” అన్నాడు నారప్ప, ఎవరూ అడగకుండానే.

“అవునప్పా. స్కేలు పెట్టుకోని కొరుకుతాండాయి.”

తరువాత ఆమె కళ్లు మూసుకుంది. పెదవులు కదిలాయి. సరిగ్గా అదే వేళకు కొంగు పైకి లేచింది. ఆ పూట సంగటిలో ఉండలు నిమ్మకాయలంత ఉన్నాయి.

కంఠతా పట్టేంతటిది అందులో ఏముందన్న బెంగ నారప్పను పట్టుకుంది. తెల్లారగానే కాగితం జేబులో పెట్టుకుని దొడ్డన్న టీ అంగడికి పోయాడు. అక్కడున్నవాళ్లంతా కన్నడ బడివాళ్లే. ఒక్క బైలప్ప మాత్రం సరిహద్దు అవతలివాడు, తెలుగు బడిలో చదివినవాడు, సోలార్ ప్లాంటు గేటు దగ్గర వాచ్‌మన్. ఎవరో చచ్చే ఘట్టం, గుండె గట్టి చేసుకుని చదవమని నారప్ప హెచ్చరించాడు. నలుగురూ గ్లాసులు కింద పెట్టారు. ఎక్కువ తడిసిన చోట అలుక్కుపోయిన అక్షరాలను కూడబలుక్కుంటూ బైలప్ప చదివాడు.

“అతను కాళ్లు కడుక్కుని వచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు. ఆమె విత్తనాలు ఏరుతోంది. ‘కింది చేను ఇమ్మని అడుగుతున్నారు. ఇద్దామా, ఉంచుకుందామా? నువ్వేమంటావు?’ అన్నాడు. ఆమె చాలాసేపు ఆలోచించింది. అంతసేపూ అతను కాచుకుని కూర్చున్నాడు.”

బైలప్ప కాగితం తిప్పి చూశాడు. “ఇంతేనప్పా. దీంట్లో ఏడ్సేదానికి ఏముండాది?”

పాలు విరిగినా తాను ఇంతకన్నా ఎక్కువ ఏడుస్తానన్నాడు దొడ్డన్న. అందరూ నవ్వారు. నారప్ప కూడా నవ్వబోయాడు గానీ నోరు సహకరించలేదు. చేను రాసిచ్చిన రోజు సంతకానికి ముందు, ఇంట్లో అడిగారా అని వచ్చినవాళ్లలో ఒకాయన అడిగాడు. దాన్ని అడిగేదేముంది అని తాను నవ్వాడు. కాఫీ గ్లాసులు పట్టుకుని రామలక్ష్మమ్మ గడపలోనే నిలబడి ఉంది. అది గుర్తొచ్చి అతనికి సిగ్గేసింది. టీ సగంలో వదిలేసి లేచాడు.

ఇంట్లో ఆమె రాగిపిండి జల్లిస్తోంది. కాగితం ముందు పెట్టాడు.

“ఎలక తెచ్చిచ్చిందా?”

“ఫైల్లో ఉన్నింది.”

“తెలుసు. నేను ముట్టననే గదా ఆడ పెట్టినావు.”

నారప్ప ఆమె పక్కన కింద కూర్చున్నాడు. “చేను ఇచ్చేముందు నిన్ను అడగాల్సింది. ఇప్పుడు అడుగుతాండా. నువ్వేమంటావు?”

నవల్లోలాగే ఏడుస్తుందేమోనని భుజం మీది తువ్వాలు కూడా తీసి సిద్ధంగా పట్టుకున్నాడు. ఆమె కళ్లు పొడిగానే ఉన్నాయి.

“సంతకం పెట్టొచ్చి ఇప్పుడు అడిగితే ఏమనాలప్పా? పలకలు పీకేసి ఇత్తనం ఏస్తావా? చేను తిరిగొచ్చే నాటికి నాకు ఎనభై దాటుతాది. ఇంక నువ్వు నన్ను అడిగేదానికి మిగిలింది సంగట్లోకి ఏం చేయాలనేదే. అది అడుగు.”

నారప్ప అది అడిగాడు. ఆమె చాలాసేపు ఆలోచించింది. అంతసేపూ అతను కాచుకుని కూర్చున్నాడు.

“ఊరిబిండి,” అంది చివరికి. “చెనక్కాయలు లేవు. అంగట్లో తే.”

బండ్లకు బండ్లు వేరుశనగ ఇంటికి తోలిన నారప్ప చేతిసంచీ పట్టుకుని బయలుదేరాడు. దారి పొడుగునా కంచె, కంచె లోపల తన చేనే. వేయించినవి కావాలా, పచ్చివా అని అంగడతను అడిగాడు. నారప్ప సంచీ మడిచి చంకలో పెట్టుకున్నాడు.

“ఉండప్పా, ఇంట్లో అడిగొస్తా,” అని వెనక్కి నడిచాడు.