ఏ పన్నెండు?

ఆ అక్టోబరు మొదటి ఆదివారం ఉదయం మెర్ల్ టక్‌వెల్ వేసుకున్న పథకం చాలా చిన్నది. గొర్రె తొడ ఓవెన్‌లో పెట్టాలి, చుట్టూ గుమ్మడికాయ ముక్కలు పేర్చాలి, తల కడుక్కుని జుట్టుకు రోలర్లు చుట్టుకోవాలి, పన్నెండింటికి ఆడపడుచు ఈనిడ్ వచ్చేసరికి గుమ్మంలో నవ్వుతూ నిలబడాలి. డెబ్బై దాటిన మెర్ల్ తన జీవితంలో ఇంతకన్నా పెద్ద విందులు ఎన్నో చేసింది. కాకపోతే ఈనిడ్ ఆ గుమ్మం తొక్కి నాలుగేళ్ళయింది. ఆమె ఇల్లేమో ఎదురుగానే, వీధికి అవతలి వైపు.

ఆ వీధి దాటితే రాష్ట్రం మారిపోతుంది. మెర్ల్ ఉన్న వైపు ట్వీడ్ హెడ్స్, న్యూ సౌత్ వేల్స్. ఈనిడ్ ఉన్న వైపు కూలంగట్టా, క్వీన్స్‌లాండ్. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా, ఆస్ట్రేలియా చలికాలమంతా, రెండు వైపులా ఒకే టైము. అక్టోబరు మొదటి ఆదివారం రాగానే ఈ వైపు వాళ్ళు వేసవి వెలుతురు వృథా కాకూడదని గడియారాలు ఒక గంట ముందుకు తిప్పుకుంటారు. ఆ వైపు వాళ్ళు తిప్పరు. అక్కడి నుంచి ఆరు నెలలు ఇక్కడ పన్నెండయితే అక్కడ పదకొండే. కొత్త సంవత్సరాన్ని ఆ వీధి వాళ్ళు రెండుసార్లు పిలుస్తారు, పళ్ళ డాక్టరు దగ్గరికి మాత్రం ఎప్పుడూ తప్పు టైముకే వెళతారు. సెల్‌ఫోన్లను నమ్మడానికి లేదు. వాటికి ఏ రాష్ట్రం టవరు దొరికితే ఆ రాష్ట్రం టైము, అందుకని వరండాలో ఒకటి చెబితే వంటింట్లో ఇంకొకటి చెబుతాయి.

మెర్ల్ ఇంట్లో నమ్మదగ్గది ఒక్కటే, వంటింటి గోడ మీది పాత కీ గడియారం. అది ఎంతో నమ్మకంగా తప్పు టైము చూపిస్తుంది.

అది ఆమె అత్తగారి గడియారం. అవతలి వైపు పాత ఇల్లు అమ్మేసినప్పుడు భర్త క్లారీ దాన్ని దుప్పట్లో చుట్టి, పసిబిడ్డను తెచ్చినట్టు తెచ్చి ఈ గోడకు తగిలించాడు. క్లారీ పాల వ్యాను నడిపేవాడు. టైము తిప్పడం అంటే అతనికి ఒళ్ళుమంట. "ఆ సంగతి ఆవులకు ఎవరు చెప్తారు, నువ్వా, నేనా?" అనేవాడు. "ఇది క్వీన్స్‌లాండ్ గడియారం. ఇక్కడ అద్దెకుంటోంది అంతే. ఎవరైనా ముల్లు ముట్టుకున్నారో, చెయ్యి విరుస్తా. వెనక్కి అసలే తిప్పకూడదు, కొట్టే గంటల లెక్క తప్పిపోతుంది." అలా ఎన్ని వేసవులు వచ్చినా అది క్వీన్స్‌లాండ్ టైములోనే నడిచింది. దాన్ని చూసి మనసులో ఒక గంట కలుపుకోవడం మెర్ల్‌కు కూరలో ఉప్పు వేసినంత అలవాటయిపోయింది.

మొదట్లో దాని టకటకకు ఆమెకు నిద్ర పట్టేది కాదు. ఇప్పుడు అది ఆగితే మెలకువ వస్తుంది. ప్రతి ఆదివారం టిఫిను కాగానే క్లారీ, రొట్టె మీద రాసుకునే వెజిమైట్ ఖాళీ సీసాలోంచి కీ తీసి, తిప్పి, చెవి ఆనించి విని, "బతికే ఉందిలే" అనేవాడు. అతను పోయాక కుర్చీ ఎక్కి కీ తిప్పడం మెర్ల్ పని అయింది. ఆ మాట అనేవాళ్ళు లేక, అది కూడా తనే అనుకుంటుంది. ఇంట్లో ఇంకో మనిషి తిరుగుతున్నట్టుండే ఆ చప్పుడు లేకపోతే ఆమెకు రోజు గడవదు.

ఈనిడ్‌తో మాటలు పోవడానికి కారణం కూడా ఆ గడియారమే. క్లారీ ఒక జనవరిలో, నడివేసవిలో పోయాడు. మెర్ల్ ఫోన్ చేసి "చర్చిలో, పదకొండింటికి" అని మాత్రం చెప్పింది. చర్చి ఈ వైపుది కనక అది చర్చి పదకొండు. తమ్ముడి ఇంట్లో ఎప్పుడూ గోడ గడియారం మాటే చెల్లింది కనక ఈనిడ్ గడియారం పదకొండనుకుంది. ఆమె నల్ల టోపీ పెట్టుకుని వచ్చేసరికి అంతా అయిపోయి, జనం పక్క హాల్లో గుడ్డు శాండ్‌విచ్‌లు తింటున్నారు. ఒక్కగానొక్క తమ్ముడి కడసారి చూపు దక్కలేదు. ఈనిడ్ ఒక్క మాటయినా అనకుండా వెనుదిరిగి వీధి దాటింది. మళ్ళీ ఇటు దాటలేదు.

ఇన్నాళ్ళకు, కొడుకు రాస్ రెండు వైపులా తిరిగి తిరిగి బతిమాలితే, మెర్ల్ ఫోన్ చేసింది.

"ఆదివారం భోజనానికి రా. పన్నెండింటికి."

"సరే."

ఏ పన్నెండని ఈనిడ్ అడగలేదు. మెర్ల్ చెప్పలేదు. ఆ ప్రశ్నే కదా అసలు పుండు, దాన్ని కెలికే ధైర్యం ఇద్దరికీ లేకపోయింది. ఫోన్ పెట్టేసి మెర్ల్ తనలో తాను తేల్చుకుంది. ఈసారి ఈనిడ్ పన్నెండే, గోడ గడియారం పన్నెండే. భోజనం అయ్యాక ఆ గడియారాన్ని దించి, ఎవరి తల్లిదో ఆమె చేతిలో పెట్టెయ్యాలి. మనిషి తిరిగి రావాలంటే ఆ మాత్రం వదులుకోక తప్పదు. పాత దుప్పటి మడత పెట్టి బల్ల మీద సిద్ధంగా ఉంచింది కానీ, పొద్దుటి నుంచీ అటు వైపు చూడటానికి ఆమెకు మనసొప్పలేదు.

మాంసం ఓవెన్‌లోకి ఎక్కించి మెర్ల్ ఇంటి ముందు పుదీనా కోసుకుంటుండగా, వెనక తలుపులోంచి కెలెపి గిన్నె తిరిగివ్వడానికి వచ్చాడు. పసిఫిక్ దీవి టోంగా నుంచి వచ్చిన మనిషి. మే నెలలో పక్కింట్లో దిగాడు. ఏ ఇంట్లోనైనా తల వంచుకుని దూరాల్సిందే, అంత పొడుగు. పొద్దున్నే చర్చి హాల్లో గడియారాలన్నీ ముందుకు తిప్పి వచ్చాడేమో, ఇంకా చెయ్యి ఊరుకోవడం లేదు. చలికాలంలో వచ్చినవాడు కనక ఆ గోడ గడియారం ఎప్పుడూ సరైన టైములోనే చూశాడు. ఇప్పుడది గంట వెనకబడి ఉంది. 'పాపం ఆంటీకి అందదు' అనుకుని, స్టూలు కూడా లేకుండా చెయ్యెత్తి ముల్లును ఒక చుట్టు ముందుకు తిప్పి, గిన్నె పెట్టి వెళ్ళిపోయాడు.

మెర్ల్ పుదీనాతో లోపలికి వచ్చి గడియారం చూసి కొయ్యబారిపోయింది. పదకొండు కావస్తోంది!

"అయ్యో దేవుడా, నాలుగు రెబ్బలు కొయ్యడానికి ఇంతసేపు పట్టిందా?" అని ఓవెన్ మంట తిప్పగలిగినంత పెద్దది చేసి స్నానాల గదిలోకి పరుగు తీసింది. తలకు సబ్బు పట్టించుకుంటుండగా గడియారం పదకొండు కొట్టింది. సగం నురుగు తలలోనే ఉండగా రోలర్లు చుట్టడం మొదలుపెట్టింది.

అప్పుడు రొయ్యల పెట్టె మోసుకుంటూ రాస్ వచ్చాడు. అతనిది అవతలి వైపు కాపురం. చేతి గడియారం చూసుకున్నాడు, గోడ గడియారం చూశాడు. నాన్న గడియారాన్ని ఎవరో ముందుకు తిప్పేశారు! అత్తయ్య ఇది చూసిందంటే మళ్ళీ ఇరవయ్యేళ్ళు ఇటు రాదు. అమ్మతో చెబితే అదో గొడవ. గుట్టుచప్పుడు కాకుండా కుర్చీ ఎక్కి, ముల్లును ఒక చుట్టు వెనక్కి తిప్పి, ఐసు కొనుక్కురావడానికి వెళ్ళిపోయాడు. గడియారం మళ్ళీ క్లారీ టైముకు వచ్చింది. అక్కడితో ఆగి ఉంటే ఈ కథ లేదు.

తడి తువ్వాలు ఆరెయ్యడానికి మెర్ల్ వెనక పెరట్లోకి వచ్చింది. కంచె అవతల కెలెపి ఆదివారం వంట కోసం నేలపొయ్యి మీద మట్టి కప్పుతున్నాడు.

"ఆంటీ, మీ గడియారం వెనకబడింది. నేను సరిచేశాను!"

"ఏం చేశావు నాయనా?"

"ఒక గంట ముందుకు తిప్పాను. మీకు అందదు కదా. థాంక్స్ ఏం అక్కర్లేదు."

మెర్ల్ థాంక్స్ చెప్పే స్థితిలో లేదు. లోపలికి ఉరికి, కుర్చీ ఎక్కి, ముల్లును ఒక చుట్టు వెనక్కి తిప్పింది. కళ్ళజోడు స్నానాల గదిలో ఉండిపోయింది కనక ఎక్కడి నుంచి ఎక్కడికి తిప్పిందో చూసుకోలేదు. కళ్ళజోడు తెచ్చుకుని చూస్తే, ఇంకా తొమ్మిదిన్నర కూడా కాలేదు. ఆ ఊరటలో, ఇందాకే పదకొండు కొట్టిన సంగతి ఆమెకు తట్టనే లేదు. బోలెడంత టైముంది. మాంసం మరీ తొందరగా అయిపోతే ఎండిపోతుందని ఓవెన్ కట్టేసింది. టీ పెట్టుకుని, తల నిండా రోలర్లతో, పాత గౌనులో, క్లారీ కుర్చీలో కాళ్ళు చాపుకుని కూర్చుంది. నెత్తి మీద గడియారం టకటకలాడుతోంది. ఇదే ఆఖరి రోజు దీనికి, అనుకుంటే ఏడుపొచ్చింది. కాసేపు ఏడ్చింది. ఏడ్చి ఏడ్చి అలాగే కునుకు తీసింది.

తలుపు గంట మోగింది.

గుమ్మంలో ఈనిడ్. ముదురు నీలం టోపీ, పెదవులకు రంగు, చంకలో పెద్ద అట్టపెట్టె.

"ఈనిడ్! ఏమిటి ఇంత పొద్దున్నే?"

నాలుగేళ్ళ తర్వాత గుమ్మంలోకి వచ్చిన మనిషితో అనకూడని మాట ఏదైనా ఉంటే అదే.

"పొద్దున్నేనా? పన్నెండన్నావు కదా!"

"ఇంకా పది కూడా కాలేదే!"

"చూడు మెర్ల్. పొద్దున లేచి మా ఇంట్లో ఉన్న గడియారాలన్నీ మీ టైముకు తిప్పుకున్నాను. మా వాళ్ళెవరైనా చూస్తే నన్ను వీధిలోంచి వెలేస్తారు. నీ టైముకే వద్దామని, నీ పన్నెండుకే వచ్చాను. నువ్వేమో గౌనులో ఉన్నావు."

"నేను నీ పన్నెండనుకున్నాను!"

"నా పన్నెండయినా ఇంకో గంటలో అవుతుంది. పది ఎక్కణ్ణుంచి వచ్చింది? అప్పుడు ఆలస్యంగా రప్పించావు, ఇప్పుడు పెందలాడే రప్పించావు. సరైన వేళకు నీ గడప తొక్కే రాత నాకు లేదులే." ఈనిడ్ పెట్టె సవరించుకుని మెట్లు దిగబోయింది.

మెర్ల్ గౌనులోనే వరండాలోకి వచ్చేసింది. వీధి వీధంతా చూస్తున్నా ఆమెకు పట్టలేదు.

"ఆగు ఈనిడ్! ఆ రోజు ఏ పదకొండో నేను చెప్పాల్సింది. తప్పు నాదే. ఆ వారం నాకు పగలో రాత్రో కూడా తెలియలేదు. చర్చిలో ముందు వరసలో నీ చోటు ఖాళీగా ఉంచాను. నువ్వు వస్తావేమోనని తిరిగి తలుపు వైపు చూస్తూనే కూర్చున్నాను. ఫాదరు క్లారీ గురించి ఏం చెప్పాడో ఒక్క ముక్క వినలేదు. నీతోపాటు నేను కూడా అతన్ని సరిగ్గా సాగనంపలేదు."

ఈనిడ్ మెట్టు మీదే ఆగిపోయింది.

"చోటు ఉంచావా?"

"నా హ్యాండ్‌బ్యాగు పెట్టి."

"నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు మాట్లాడితే కదా చెప్పడానికి!"

అప్పుడు లోపల గడియారం కొట్టడం మొదలుపెట్టింది. ఇద్దరూ నోళ్ళు మూసుకుని లెక్కపెట్టారు. పది దగ్గర ఆగలేదు. పదకొండు. పన్నెండు. ఈనిడ్ గబగబా వంటింట్లోకి నడిచింది. ఎవరూ రమ్మనలేదు, ఆమెకూ ఆ సంగతి గుర్తు రాలేదు. ముళ్ళు చూస్తే సరిగ్గా పది.

"చూపించేది పది, కొట్టేది పన్నెండు," అంది ఈనిడ్.

"అచ్చం మీ తమ్ముడే. చేతులు చేసేదొకటి, నోరు చెప్పేదొకటి."

ముందు ఈనిడ్ టోపీ కదిలింది. తర్వాత భుజాలు. అట్టపెట్టె బల్ల మీద పెట్టేసి, కుర్చీలో కూలబడి, కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. ఆ కళ్ళలో ఉన్నది నవ్వేనా అని మెర్ల్ అడగలేదు. తనవి కూడా అలాగే ఉన్నాయి.

ఐసుతో రాస్, వెనక తలుపులోంచి కెలెపి ఇంచుమించు ఒకేసారి వచ్చారు. ఒకడు ముందుకు తిప్పానన్నాడు, ఒకడు వెనక్కి తిప్పానన్నాడు. మెర్ల్ తన వంతు కూడా ఒప్పుకుంది.

"అంటే ఈ ఇంట్లో దాన్ని ముట్టుకోనిదాన్ని నేనొక్కదాన్నే అన్నమాట," అంది ఈనిడ్.

మెర్ల్ దుప్పటి చేతిలోకి తీసుకుంది. "అయితే ఇప్పుడు ముట్టుకో. నీకే ఇద్దామనుకున్నాను. మీ అమ్మది. తీసుకెళ్ళు."

ఈనిడ్ దుప్పటి వైపు చూసింది. తర్వాత తను తెచ్చిన పెట్టె విప్పింది. లోపల గుండ్రటి, తెల్లటి, కొత్త బ్యాటరీ గోడ గడియారం. న్యూ సౌత్ వేల్స్ టైము పెట్టి ఉంది.

"నేను దాన్ని పట్టుకుపోవడానికి రాలేదు. దాని పక్కన ఇది తగిలించడానికి వచ్చాను. ఇకమీదట ఈ ఇంట్లో ఏ టైమని ఎవరూ ఎవర్నీ అడగక్కర్లేదు." ఈనిడ్ పాత గడియారం వైపు తలెత్తింది. "మా ఇంటికి తీసుకుపోతే అది వట్టి గడియారం, మెర్ల్. అక్కడ అందరిదీ అదే టైము. ఇక్కడుంటేనే మా వాడు ఇంకా మొండికేసి కూచున్నట్టుంటుంది."

మెర్ల్ దుప్పటి అలాగే గుండెలకు హత్తుకుని నిలబడింది.

కెలెపి మేకు కొట్టి కొత్త గడియారం తగిలించాడు. పాతదాన్ని తాకడానికి మాత్రం చచ్చినా ఒప్పుకోలేదు. ఈనిడే కుర్చీ ఎక్కి, దాన్ని క్వీన్స్‌లాండ్ టైముకు తెచ్చి, చెవి ఆనించి వింది.

"బతికే ఉందిలే," అంది.

గొర్రె తొడ బయట బొగ్గు, లోపల పచ్చి. అది కుక్కకు కూడా పనికి రాదని రాస్ తేల్చేశాడు. కెలెపి తన నేలపొయ్యి తవ్వి, చామాకుల్లో చుట్టి కొబ్బరిపాలతో ఉడికించిన మాంసం పొట్లాలు పళ్ళెం నిండా తెచ్చాడు. ఈనిడ్ మూడు తింది. వెళ్ళేటప్పుడు గుమ్మంలో మెర్ల్ అడిగింది.

"వచ్చే ఆదివారం కూడా రా. పన్నెండింటికి."

"మొదటి పన్నెండుకు వస్తా. రెండో పన్నెండుకు తిందాం. మధ్యలో కబుర్లు చెప్పుకుందాం."

ముళ్ళు సరిపడ్డాయి కానీ గంటల లెక్క మాత్రం సరిపడలేదు. ఆ పాత గడియారం ఇప్పటికీ ఒకటి చూపించి ఇంకొకటి కొడుతుంది. మెకానిక్కుకు చూపిద్దామా అని రాస్ అడిగితే, మెర్ల్, ఈనిడ్ ఇద్దరూ "వద్దు" అన్నారు. ఆ ఆడపడుచు, ఆ మరదలు ఒకే సమయానికి ఒకే మాట అనడం అదే మొదటిసారి.