ఇటలీ క్రియలు, నాచారం బిస్కెట్లు

నాచారం పారిశ్రామికవాడలోని శ్రీ తారామణి బిస్కెట్ ఫ్యాక్టరీ యాజమాన్యం వారు 1988వ సంవత్సరం ఆషాఢమాసంలో సమస్త సిబ్బందికి తెలియజేసినది ఏమనగా: బిస్కెట్లకు కాగితం చుట్టే యంత్రమొకటి ఇటలీ దేశం నుంచి వచ్చియున్నది. దానికన్న ముందుగా పోస్టులో వచ్చిన నాలుగు వందల పన్నెండు పేజీల పుస్తకము ఇటలీ భాషలో నున్నది. పుస్తకము చదువనిదే పెట్టె తెరువరాదు. భాష రానిదే పుస్తకము చదువరాదు. కావున ఎల్లరును మూడు మాసములలో సదరు భాషను నేర్చుకొనవలెను. పరీక్ష తప్పినవారు గేటు కాపలాకు మార్చబడుదురు.

ఈ కాగితాన్ని నోటీసు బోర్డు మీద రెండుసార్లు చదువుకుని ఫిట్టర్ హన్మయ్య చెమట తుడుచుకున్నాడు. హన్మయ్యది ఇరవై రెండేళ్ల సర్వీసు, ఐదో తరగతి చదువు. మిషన్ల విషయంలో మాత్రం ఆయన చెవి సామాన్యమైనది కాదు. ఫ్యాక్టరీలో మోటారు దగ్గితే చిలకానగర్‌లో ఇంట్లో పడుకున్న హన్మయ్యకు మెలకువ వచ్చేదని, ఉప్పల్ చౌరస్తాలో ఆగిన బస్సు చప్పుడు విని డ్రైవరు పొద్దున ఏం తిన్నాడో చెప్పేవాడని చూసినవాళ్లే చెబుతారు. ఇన్ని తెలిసినవాడికి ఇటలీ మాత్రం తెలియదు.

ఇంటికి పోతే పెళ్లాం రాములమ్మ ఊరుకుందా?

"ఇరవై రెండేండ్లు పానా పట్టిన చేతికి కట్టె ఇస్తరంటనా? ఊళ్లె మా అన్నలకు నేనేం జెప్పుకోవాలె? గేటు కాడ కుక్కల నదిలిస్తుండని జెప్పనా?"

"ఫికర్ జెయ్యకే. సదువుత."

"సదువుతవు! రేషన్ కార్డు మీద పేరు సదవనీకి పూటంత పట్టె నీకు."

భాష చెప్పడానికి హబ్సిగూడ నుంచి విశ్వనాథం గారిని రప్పించారు. రైల్వేలో గూడ్సు గుమాస్తాగా రిటైరైన పెద్దమనిషి. ఇటలీవాడిని కళ్లతో చూసి ఎరుగరు. అది విద్యకు అడ్డమని ఆయన గానీ కంపెనీ గానీ అనుకోలేదు. ఆదివారం పూట ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద కొన్న ఇటలీ వ్యాకరణం ఒకటి ఆయన దగ్గర ఉండేది. దాని మొదటి భాగాన్ని చెదలు తిన్నాయి. చివరి భాగం ఆయన కొనకముందే పల్లీల పొట్లాలై లోకోపకారం చేసింది. మధ్యలో మిగిలినవి క్రియల పట్టికలు. అందుచేత ఇటలీ భాషలో క్రియలు తప్ప మరేమీ ఉండవని ఆయన నిర్ధారించారు. వస్తువుల పేర్లు లేకుండా జనం ఎట్లా బతుకుతారని ఎవరో అడిగితే, "వాళ్లు కష్టజీవులు నాయనా! పని మీదే ధ్యాస, వస్తువుల మీద ఆశ లేదు" అని సెలవిచ్చారు.

పాఠం 'పార్లారే'తో మొదలైంది. పార్లారే అంటే మాట్లాడుట. "పార్లో, పార్లి, పార్ల, పార్లియామో, పార్లాతే, పార్లనో" అంటూ అరవై నలుగురు ఎక్కాలు చదివినట్టు ఊగుతూ వల్లించారు. నేను మాట్లాడుచున్నాను, నీవు మాట్లాడుచున్నావు, అందరమూ మాట్లాడుచున్నాము. ఆ తరవాత నిన్న మాట్లాడినవి, ఎప్పుడో తాతల కాలంలో మాట్లాడినవి, రేపు మాట్లాడబోయేవి. ఇవి కాక ఇటలీవాడికి నిశ్చయంగా చెబితే ఒక రూపం, అనుమానంగా చెబితే ఇంకొకటి, షరతు పెడితే మరొకటి, ఆజ్ఞ వేస్తే వేరొకటి. మూడు మాసాలూ ఈ ఒక్క క్రియకే సరిపోయాయి.

పని దెబ్బ తినకూడదని జనరల్ మేనేజరు అచ్యుతరావు గారు కాలాలను షిఫ్టులకు పంచారు. మొదటి షిఫ్టుకు వర్తమానం, రెండో షిఫ్టుకు భూతకాలం. రాత్రి షిఫ్టు ఎట్లాగూ రేపు చేస్తామనే అంటుంది కనుక దానికి భవిష్యత్తు. ఆజ్ఞారూపం అధికారులు మాత్రమే వల్లించవలెనని, కార్మికులు అనుమానంతో సరిపెట్టుకోవలెనని మరో ఉత్తరువు వచ్చింది. దీని మీద కార్మిక సంఘం నాయకుడు చంద్రయ్య గేటు ముందు ధర్నాకు కూర్చున్నాడు. "ఆజ్ఞలు మీకు, అనుమానాలు మాకా?" అన్న నినాదం ఉప్పల్ దాకా వినిపించింది. నాలుగు రోజుల చర్చల తరవాత శనివారం మధ్యాహ్నం రెండు నుంచి మూడు వరకు కార్మికులు కూడా ఆజ్ఞాపించవచ్చునని ఒప్పందమైంది. ఆ గంటసేపూ ఎవరు ఎవరిని ఆజ్ఞాపిస్తున్నారో తెలియక బిస్కెట్లు మాడేవి. భాషాభివృద్ధికి ఆ మాత్రం మాడటం సహజమని యాజమాన్యం వారు పెద్దమనసుతో భరించారు.

పెద్ద పరీక్ష దసరా ముందు, షిఫ్టు తేడా లేకుండా అందరికీ అన్ని రూపాల్లోనూ జరిగింది. హన్మయ్య వర్తమానం గట్టెక్కాడు, భూతకాలం ఈదాడు. షరతు దగ్గర 'పార్లెరెబ్బె' అనే మాట గొంతులో అడ్డం పడింది.

"కానియ్యి హన్మయ్యా, తరవాత?" అన్నారు విశ్వనాథం గారు జాలిగా.

"సారూ, గీ నట్టుకు థ్రెడ్డు వోయింది. ఎటు దిప్పినా తిరుగుతలేదు."

మర్నాడు హన్మయ్య చేతిలోంచి పనిముట్ల పెట్టె తీసుకుని కట్టె, ఖాకీ చొక్కా ఇచ్చారు. తక్కిన అరవై ముగ్గురూ ఉత్తీర్ణులయ్యారు. పుస్తకం తెరిచి చూస్తే అందులో వాళ్లకు తెలిసిన క్రియ ఒక్కటీ కనబడలేదు. యంత్రాల పుస్తకంలో 'మాట్లాడుట' ఎందుకుంటుంది? ఇది పుస్తకం రాసినవాడి లోపమని తీర్మానించి, యంత్రం నడవడం లేదని ఇటలీకి టెలిగ్రాం ఇచ్చారు.

యంత్రం మాత్రం గేటు పక్కన తార్పాలిన్ కింద పెట్టెలోనే ఉంది. ఇప్పుడు దానికి కాపలా హన్మయ్యే.

కార్తీకంలో ఇటలీ ఇంజనీరు బెర్తోలి దిగాడు. మామిడాకుల పందిరి కింద అచ్యుతరావు గారు మైకు పట్టుకున్నారు.

"సోదర సోదరీమణులారా! భాష అంటే క్రియ. క్రియ అంటే పని. పని అంటే మన ఫ్యాక్టరీ. కాబట్టి భాష అంటే మన ఫ్యాక్టరీ! ఈ సత్యాన్ని లోకంలో మొట్టమొదట గ్రహించినవారం మనం!"

చప్పట్లు ఆగగానే అరవై ముగ్గురూ పార్లారేను అన్ని కాలాల్లో, అన్ని రూపాల్లో, షిఫ్టులవారీగా నలభై నిమిషాలు వల్లించారు. బెర్తోలి మొదట నవ్వాడు. క్రియ వచ్చింది కదా, వెనకాల వాక్యం వస్తుందేమో అని ఎదురుచూశాడు. రాలేదు. చివరికి చేతులూపుతూ ఏదో గట్టిగా అడిగాడు. అందరూ విశ్వనాథం గారి వైపు తిరిగారు.

"ఆయన ప్రశ్నలో మూడు క్రియలున్నాయి. మూడూ శుద్ధంగా ఉన్నాయి" అన్నారాయన.

"మరి అర్థం?"

"అర్థం చెదలు తిన్న భాగంలో ఉందండీ."

బెర్తోలి తల పట్టుకుని బయటికొచ్చి గేటు దగ్గర కూలబడ్డాడు. హన్మయ్య బీడీ ముట్టించి ఇచ్చాడు.

"ఏందన్నా, గట్ల తలకాయ వట్టుకున్నవ్? జర దమ్ము దీస్కో."

యంత్రం ఏదని బెర్తోలి చేతులతో అడిగాడు. హన్మయ్య తార్పాలిన్ మీద చరిచాడు. "గిదే. నీ బిడ్డెను నేనే కావలి కాస్తున్న."

బెర్తోలి తార్పాలిన్ లాగి, పెట్టెకు ఒక్క మేకు కూడా ఊడలేదని చూసి ఆకాశం కేసి పెద్ద కేకపెట్టాడు. తెరవమని సైగ చేశాడు. హన్మయ్య పెట్టె చుట్టూ ఒకసారి తిరిగాడు. తెరిస్తే గేటు కొలువు కూడా పోతుంది. తెరవకపోతే, లోపల ఎట్లాంటి మోటారుందో, దాని చప్పుడెట్లా ఉంటుందో వినకుండానే కట్టె పట్టుకుని రిటైరవ్వాలి.

ప్యాకింగ్ సెక్షన్ సాలమ్మ పరుగెత్తుకొచ్చింది. "వద్దన్నా! పుస్తకం సదవంది తెరువద్దన్నరు. నౌకరి ఊడ్తది."

"గేటు దాంక ఊడుకుంటనే వచ్చింది గదనే. గీడికెళ్లి ఇంక ఊడితే రోడ్డే. రోడ్డు మీద బస్సుల చప్పుడన్న ఇనొచ్చు" అని హన్మయ్య గడ్డపార తెచ్చాడు.

పెట్టె తెరుచుకుంది. అన్నిటికన్న పైన ప్లాస్టిక్ సంచిలో రెండు పుస్తకాలున్నాయి. ఒకటి ఇంగ్లీషులో. రెండోది అక్షరమే లేకుండా, ఉట్టి బొమ్మలతో.

ఆ రెండు రోజులూ గేటు దగ్గర జరిగిన సంభాషణ వినడానికి పటాన్‌చెరు నుంచి కూడా జనం వచ్చారని చెబుతారు. బెర్తోలి ఇటలీలో తిట్టేవాడు, హన్మయ్య తెలుగులో సర్దేవాడు. "గట్ల కాదు బావా, బెల్టు జర ఢీలా జెయ్యి, కూత వెడ్తుంది సూడు." ఏ రూపంలో ఏ కాలం వాడారో ఎవరూ రాసుకోలేదు. మూడో రోజు పొద్దున యంత్రం చక్కగా మూలిగి, నిమిషానికి నూట ఇరవై పొట్లాలు కట్టి కక్కింది. హన్మయ్య దానికి చెవి ఆనించి కళ్లు మూసుకున్నాడు. పిల్లికూనను నిమిరినట్టు నిమిరాడు.

వెంటనే విచారణ సంఘం వేశారు. అది రెండు సంగతులు తేల్చింది. ఒకటి, యంత్రం నడిచింది ఇటలీ భాషా శిక్షణ వల్లనే. రెండు, పరీక్ష తప్పిన హన్మయ్య యంత్రాన్ని ముట్టడం ఘోర నేరం. అయితే హన్మయ్య ముట్టకపోతే యంత్రం నడవనందని, బెర్తోలి కూడా ఆయన్నే చూపించి పోయాడని కమిటీ గమనించింది. నిబంధనలూ చెడకుండా, బిస్కెట్లూ ఆగకుండా అచ్యుతరావు గారు ఒక ఉత్తరువు ఇచ్చారు: "యంత్రము గేటు పక్కనే ఉన్నందున, దానిని నడుపుట గేటు కాపలాలో భాగముగా పరిగణింపబడును." ఆ ఉత్తరువు ప్రకారం యంత్రాన్ని లోపలికి తరలించలేదు. గేటు చుట్టూ రేకుల షెడ్డు వేశారు. లోపలికి వచ్చే లారీలు వెనక గోడ పగలగొట్టిన దారిన వచ్చేవి. హన్మయ్య ఖాకీ చొక్కా వేసుకుని, చంకలో కట్టె, చేతిలో పానాతో యంత్రం నడిపేవాడు. మనిషి మాత్రం మహా సంతోషంగా ఉన్నాడు.

విశ్వనాథం గారికి శాలువా కప్పారు. ఆ శాలువా ఫొటోతో ఆయన హబ్సిగూడలో 'ఇటలీ క్రియా కోచింగ్ సెంటర్' తెరిచారు. అప్లికేషన్లు ఇచ్చే రోజు తెల్లవారకముందే వరుస కట్టినవాళ్లలో హన్మయ్య కూడా ఉన్నాడు, పక్కన కూతురు ఉమతో. ఆయన్ను చూసి సాలమ్మ నోరు తెరిచింది.

"గదేందన్నా! గా భాష లేకుండనే మిషన్ నడిపినవు గదా. మల్ల బిడ్డె నెందుకు తోల్కొచ్చినవ్?"

"నడిపిన. నడిపినోన్ని యాడ నిలవెట్టిన్రు? గేటు కాడ. నడపనోళ్లు యాడ కూసున్నరు? లోపట, ఫ్యాన్ కింద. నా బిడ్డె ఫ్యాన్ కింద కూసోవాలె. మరి నువ్వెందుకొచ్చినవ్?"

సాలమ్మ తన కొడుకు చెయ్యి గట్టిగా పట్టుకుని వరుసలో ఒక అడుగు ముందుకు జరిగింది.

ఆ వరుస హబ్సిగూడ దాటి, ఉప్పల్ చౌరస్తా దాటి, నాగోల్ మీదుగా ఎటు పోయిందో ఇంతవరకు ఎవరూ కొలవలేదు. ఇది చదివి నవ్వుతున్నవారు దయచేసి ఒక్క అడుగు వెనక్కి జరగండి. మీ ముందున్నాయన ఊపిరాడటం లేదంటున్నాడు.